సంఘం అమ్మబడును

ఆ ఆదివారం ఉదయం పద్మకుమారి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఫీసు పెరట్లో ఏళ్ళ తరబడి పడివున్న పాత ట్రాన్స్‌ఫార్మర్లనూ, తుప్పు పట్టిన ఇనుప సామాన్లనూ మధ్యాహ్నంలోగా ఎవరికైనా అమ్మేసి, పెరడు ఊడిపించి, ఇంటికి పోయి భోంచేయాలి. సోమవారం హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన కంట్లో ఆ తుప్పు పడకూడదు.

పద్మకుమారి చంపావతి గ్రామీణ విద్యుత్ సహకార సంఘానికి కార్యదర్శి. నెల్లిమర్లకు కాస్త ఎడంగా ఉన్న జొన్నపేటలో దాని ఆఫీసు. చుట్టుపక్కల ఊళ్ళలో స్తంభాలూ తీగలూ ఆ సంఘానివి. సంఘం ఆ ఊళ్ళ జనానిది. మీటరున్న ప్రతి ఇల్లూ అందులో వాటాదారే. పెద్ద కంపెనీ దగ్గర కరెంటు టోకున కొని ఇంటింటికీ ఇవ్వడం, మిగిలినది ఆ ఊళ్ళకే ఖర్చు పెట్టడం దాని పని. బడిలో కంప్యూటర్లు సంఘానివి. ఎండాకాలం వచ్చే మంచినీళ్ళ ట్యాంకరు సంఘానిది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, దూరం నుంచి బంధువులు వచ్చేదాకా శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె కూడా సంఘానిదే. అయినా సంఘం జనానికి గుర్తొచ్చేది కరెంటు పోయినప్పుడే.

సోమవారం తనిఖీ మామూలుది కాదు. సంఘం లైసెన్సు గడువు అయిపోవస్తోంది. దాన్ని పొడిగించడమా, సంఘాన్ని పెద్ద కంపెనీలో కలిపేయడమా అన్నది ఆ అధికారి చెప్పే మాట మీద ఉంది. జనం కంగారు పడతారని అధ్యక్షుడు జగన్నాధం ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. తాను మాత్రం తెల్లవారుతూనే కారేసుకుని అరసవల్లి వెళ్ళాడు, లైసెన్సు కోసం సూర్యనారాయణస్వామికి మొక్కుకోవడానికి.

పద్మకుమారి మైకు ఆటో రాబర్ట్‌ను పిలిపించి చెప్పవలసినది చెప్పింది. "సంఘం వారి పాత ట్రాన్స్‌ఫార్మర్లు, ఇనుప సామాన్లు అమ్మబడును. కొనదలచినవారు ఈ రోజే ఆఫీసుకు రావలెను." రాబర్ట్ దాన్ని రెండుసార్లు వల్లించి, చర్చి ఎగ్గొట్టినందుకు దేవుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని బయలుదేరాడు.

అతని మైకు వైరుకు లూజు కనెక్షను ఉంది. ఆటో గతుకులో పడినప్పుడల్లా మైకు నోరు మూసుకుంటుంది. హుద్‌హుద్ తుఫాను వెళ్ళి ఏడాదిన్నర అయినా జొన్నపేట రోడ్డుకు గతుకులు తగ్గలేదు. లోపల కూర్చున్న రాబర్ట్‌కు తన మాట తనకు పూర్తిగానే వినిపిస్తోంది. బయటికి మాత్రం ఇలా వచ్చింది:

"సంఘం... అమ్మబడును. కొనదలచినవారు ఈ రోజే..."

మిల్లులో మిరపకాయలు ఆడిస్తున్న దాలమ్మ చెయ్యి ఆగిపోయింది. పిండి మిల్లు దాలమ్మంటే సంఘం ఆఫీసులో హడలు. వోల్టేజి చాల్లేదని ఒకరోజు, ఎక్కువైందని మరొకరోజు, రెండూ బాగున్న రోజున బిల్లులో తన పేరు తప్పు పడిందని ఫోన్ చేసి తిడుతుంది. ఇప్పుడూ ఫోన్ చేసింది.

"పద్మమ్మా, మైకులో సెప్తన్నది నిజమేనేటి? అమ్మేత్తన్నారా?"

"అవును దాలమ్మగారూ, ఈ రోజే."

"ఓలమ్మ! ఎందుకమ్మా?"

"ఎందుకేమిటండీ, తుప్పు పట్టిపోయింది. లోపలంతా డొల్ల. పైగా పాములు చేరాయి. ఇంకా ఎన్నాళ్ళు ఉంచుకుంటాం?"

"కొనీవోడెవుడు?"

"ఎవరెక్కువిస్తే వాళ్ళే. తర్వాత ముక్కలు చేసుకుంటారో, కరిగించుకుంటారో మనకెందుకు?"

"మరి మాతో ఒక్క మాటైనా సెప్పక్కర్లేదేటి?"

"దీనికి కూడా మీతో చెప్పాలా? మీకేమైనా కావాలంటే రండి, తూకం వేసి ఇప్పిస్తాను."

"పెసిడెంటుగోరికి తెలుసా?"

"ఆయనే పీడ వదిలించమన్నారు."

దాలమ్మ నోట మాట పడిపోయింది. జొన్నపేటలో అలాంటిది ఎవరూ ఎరగరు. సగం ఆడిన కారం అలాగే వదిలేసి, మిల్లు ఆపేసి, వీధిలోకి వచ్చి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే రాబర్ట్ ఆటో బాప్టిస్టు చర్చి ముందు నుంచి వెళుతోంది. అక్కడ సంఘమంటే కరెంటు సంఘం కాదు. విశ్వాసుల సంఘం. లోపల పాస్టరు పాల్ గారి ప్రసంగం మంచి పట్టులో ఉంది. "ఈ సంఘం ఎవరిది? ప్రభువు తన రక్తమిచ్చి కొన్న సంఘం! దీన్ని..." అని ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"...అమ్మబడును!" అంది బయట మైకు. "కొనదలచినవారు ఈ రోజే..."

పాల్ గారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ముందు వరసలో కూర్చున్న ముసలి ఏసమ్మ లేచి నిలబడింది.

"అయ్యగోరూ! కొన్నదాన్ని మల్లీ అమ్మేత్తారేటి?"

"నాకేమీ తెలియదమ్మా" అన్నాడు పాల్ గారు, పాలిపోయి.

చర్చి చర్చంతా వీధిలోకి వచ్చి పడింది. అక్కడ దాలమ్మ చుట్టూ మూగిన జనం ఎదురయ్యారు.

"సంఘాన్ని అమ్మేత్తన్నారంట!" అంది దాలమ్మ.

"మాకూ ఇప్పుడే తెలిసినాది!" అంది ఏసమ్మ.

ఏ సంఘమని ఇద్దరూ అడగలేదు. రెండు నోళ్ళ నుంచి ఒకే మాట వచ్చింది గనక అది నిజమని తేలిపోయింది. ఇంతలో వీధిలో కరెంటు పోయింది. అందరూ ఒక్కసారి గుండెలు పట్టుకున్నారు.

"అప్పుడే పట్టుకుపోయార్రా!"

కరెంటు తీసింది లైన్‌మన్ సత్యరాజు. తనిఖీకి ముందు బాగుచేయాలని వీధి చివర స్తంభమెక్కి తీగలు ఆనే పాత పింగాణీ గిన్నెలు విప్పుతున్నాడు. కిందికి చూసేసరికి ఊరంతా స్తంభం మొదట్లో ఉంది.

"ఏటిరా విప్పుతన్నావు?" అంది దాలమ్మ.

"పాతయి పిన్నీ. మార్సమన్నారు."

"సూసేరా! విప్పడం మొదలెట్టీసేరు!"

"ఓలయ్యో" అని అరిచింది అతని భార్య బేబీ, చర్చి బట్టల్లోనే. "నువ్వు దిగితే స్తంభం కూడా పట్టుకుపోతారంట! ఆ సంఘాన్నే కాదు, ఈ సంఘాన్ని కూడా అమ్మేత్తన్నారు! దిగకు!"

సత్యరాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పెళ్ళయిన నాటి నుంచీ బేబీ మాట కాదన్న అలవాటు లేదు. స్తంభాన్ని గట్టిగా కౌగలించుకుని అక్కడే ఉండిపోయాడు.

జనానికి ఇప్పుడు సంఘం ఇచ్చినవన్నీ ఒకటొకటిగా గుర్తు రాసాగాయి. బడి కంప్యూటర్లకు కాపలా ఉండడానికి కొందరు పరిగెత్తారు. కొందరు ట్యాంకరు కింద పడుకున్నారు. ఏసమ్మకు మాత్రం ఫ్రీజరు పెట్టె గుర్తొచ్చింది.

"మా పెద్దోడు సూరత్‌నించి వచ్చీదాకా మా ముసిలోడు ఆ పెట్టిలోనే ఉన్నాడు. దాన్ని కూడా కాటాకేసీత్తారేటి? పదండర్రా!"

నలుగురు బలమైన వాళ్ళు ఆఫీసు షెడ్డులోంచి పెట్టెను భుజాలకెత్తుకున్నారు. తుక్కు కొనేవాళ్ళ కోసం ఎదురు చూస్తున్న పద్మకుమారి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో! ఎవరు పోయారండీ?"

"ఇంకా నువ్వే అడుగుతన్నావా? అంతా పెసిడెంటుగోరి వల్లే! సంఘానికి దిక్కు లేకుండా పోయినాది!" అంది ఏసమ్మ.

పోయింది అధ్యక్షుడేననుకుంది పద్మకుమారి. జగన్నాధం పొద్దున్నే కారులో వెళ్ళాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. గుళ్ళోకి వెళుతూ ఆపేసి ఉంటాడన్న ఆలోచన ఆమెకు రాలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ పెట్టె వెనకాల నడిచింది.

"అమ్మీసింది ఈవిడే, ఏడిసింది ఈవిడే" అన్నారు వెనకవాళ్ళు.

పెట్టెను చూసి అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. "ఎవులు పోయేరు?" అంటే "సంఘం పోయినాది" అని జవాబు వస్తోంది. వినీ వినకుండా తలపాగాలు తీసి వాళ్ళూ వెంట నడిచారు. ఎవరో డప్పు కూడా అందుకున్నారు.

ఇదంతా తెలియని ఒక మనిషి అద్దె కారు దిగి దాలమ్మ మిల్లు ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో బ్యాగు. పేరు ఆనంద్‌కుమార్. సోమవారం రావలసిన అధికారి ఆయనే. పూలదండలూ సన్నాహాలూ లేకుండా సంఘాన్ని ఉన్నదున్నట్టు చూడాలని ఒకరోజు ముందు వచ్చాడు. మిల్లుకు తాళం వేయడానికి అప్పుడే వెనక్కి వచ్చిన దాలమ్మను అడిగాడు.

"సంఘం ఆఫీసు ఎక్కడమ్మా? ఒకసారి సంఘాన్ని చూసుకుని పోదామని వచ్చాను."

దాలమ్మ ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"సూసుకోడానికొచ్చేవా బాబూ? ఎండన పడి వచ్చేవు. లోపలికి రా, కూకో."

ఆయన లోపలికి వెళ్ళి మిరపకాయల బస్తా మీద కూర్చున్నాడు. దాలమ్మ తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. గాలిలో కారం ఇంకా తేలుతూనే ఉంది. ఆనంద్‌కుమార్ ఒక తుమ్ము తుమ్మి, రెండోది తుమ్మి, మూడోదానికి కళ్ళజోడు ఊడి పడింది.

"ఎంతకు కొంటన్నావు మా సంఘాన్ని?"

"కొనడమేమిటమ్మా! నేను... హాచ్... ప్రభుత్వం మనిషిని. ఈ సంఘాన్ని ఉంచాలా, పెద్ద కంపెనీలో కలిపేయాలా అని చూడడానికి వచ్చాను."

 అమ్మడం కంటే ఇది పెద్ద దెబ్బ.

"కలిపీయడమేటి? ఎందుకు?"

"జనానికి ఈ సంఘం ఇష్టం లేదు గనక. దీని మీద వచ్చినన్ని ఫిర్యాదులు ఇంకే సంఘం మీదా రాలేదు. హైదరాబాదు దాకా ఫోన్లు!"

"ఎవులా సేసిన సచ్చినోల్లు?"

"చాలావరకూ ఒక్కరే. దాలమ్మ అని, ఎవరో పిండి మిల్లావిడట. మీకు తెలుసా?"

ఆయన మళ్ళీ తుమ్మాడు. దాలమ్మ మెల్లగా జారి నేల మీద కూలబడింది. 

"నేనే బాబూ దాలమ్మని."

ఈసారి నోరు తెరవడం ఆనంద్‌కుమార్ వంతయింది.

"తిట్టినాను. రోజూ తిట్టినాను. ఎత్తీవోల్లున్నారు కాబట్టి ఫోన్ సేసినాను. తుపానుకి స్తంభాలన్నీ పడిపోతే ఊరోల్లం తాళ్ళు కట్టి లాగినాం, తెలుసా నీకు? మా లైన్‌మన్ ఇంటి రేకులెగిరిపోతే సూసుకోకండా మా లైను సూసినాడు. పట్నం సీకట్లో ఉన్నప్పుడు నా మిల్లు తిరిగినాది. ఆ రోజు ఫోన్ సేసి బాగుందని సెప్పలేదు. నాదే తప్పు. బాగున్నప్పుడు ఫోన్ సెయ్యాలని నాకేటి తెలుసు?" ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "రేపు నువ్వు కలిపీసేవనుకో. నేనెవుల్ని తిట్టాల? పద్మమ్మని పేరెట్టి తిట్టినట్టు ఆ కంపెనీ ఓడ్ని తిట్టగలనేటి? ఆడి పేరేటో కూడా నాకు తెలవదు!"

ఆయన ఏదో చెప్పబోయేలోగా డప్పు చప్పుడు మిల్లు ముందుకు వచ్చి ఆగింది. "కొనీవోడు లోపలున్నాడంట!" అని, బయట అద్దె కారు చూసి ఎవరో తలుపు బాదారు. దాలమ్మ లేచి గడియ తీసింది. ఫ్రీజరు పెట్టె, దాని వెనక పాస్టరు గారు, ఆ వెనక ఏడ్చి ఏడ్చి వాచిన పద్మకుమారి. ఆమె లోపలికి చూసింది. ఫొటోలో చూసిన హైదరాబాదు అధికారి, ఎర్రబడ్డ కళ్ళతో, ముక్కు తుడుచుకుంటూ కనిపించాడు.

"సార్! మీకూ తెలిసిపోయిందా!" అని భోరుమంది. "అంత మంచి మనిషి సార్! నిన్న సాయంత్రం కూడా మీ గురించే మాట్లాడారు!"

అప్పుడు జనం వెనక ఒక కారు ఆగింది. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లంతో జగన్నాధం దిగాడు. పెట్టెను చూసి గబగబా చెప్పులు విడిచాడు.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు పద్మకుమారి భుజం మీద చెయ్యి వేసి.

పద్మకుమారి వెనక్కి తిరిగి చూసి, ఒక్క కేక పెట్టి ఏసమ్మ చేతుల్లోకి ఒరిగిపోయింది. పెట్టె మోస్తున్న వాళ్ళు బెదిరి దాన్ని పాస్టరు గారి కాలి మీద దించారు.

నీళ్ళు చల్లి ఆమెను లేవదీసేసరికి రాబర్ట్ ఆటో రెండో చుట్టు తిరిగి వచ్చింది. "సంఘం..." అంది మైకు. ఆటో గతుకులో దిగింది. "...అమ్మబడును." ఈసారి అది పద్మకుమారి చెవిన కూడా పడింది. ఆమె ఒక్క ఉదుటున లేచి ఆటోకు అడ్డం పడింది. రాబర్ట్ వైరును వేలితో నొక్కిపట్టి మాట మొత్తం ఊరి ముందు మళ్ళీ చెప్పాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్లూ, ఇనుప సామాన్లూ అందరికీ స్పష్టంగా వినబడ్డాయి.

డప్పు పట్టినవాడు దాన్ని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు. "అయితే మా సంఘం?" అన్నాడు పాల్ గారు, ఒంటికాలి మీద నిలబడి.

"మీ సంఘం మీకే ఉందండీ" అంది పద్మకుమారి నీరసంగా. దాలమ్మకు మాత్రం ఊరట కలగలేదు. ఊరి జనంలో అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె ఆనంద్‌కుమార్ వంకే చూస్తోంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"సంఘాన్ని తీసేయమని రాయడానికి దాదాపు సిద్ధపడే వచ్చాను" అన్నాడు. "చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కడా ఎవరూ ఫ్రీజరు పెట్టె మోసుకొచ్చి మరీ కాపాడుకోలేదు. నన్ను కారంలో కూర్చోబెట్టి తలుపు గడియ కూడా వేయలేదు. ఇంతకంటే తనిఖీ నాకు అక్కర్లేదు." అని జగన్నాధం చేతిలో ప్రసాదం అందుకుని, నోట్లో వేసుకుంటూ మళ్ళీ తుమ్మాడు.

సత్యరాజు ఇంకా స్తంభం మీదే ఉన్నాడన్న సంగతి బేబీకి మధ్యాహ్నం భోజనాల దగ్గర గుర్తొచ్చింది.

వర్షాకాలం మొదలవగానే లైసెన్సు పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. జనం రాక ఏటా వాయిదా పడే మహాజనసభకు ఆ ఏడు ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చాయి. సంఘం తమదేనని అందరికీ తెలిసిపోయింది గనక ప్రతి ఒక్కరూ ఒక సలహా పట్టుకొచ్చారు. అంత జనాన్ని చూసి జగన్నాధం పొంగిపోయి, అధ్యక్షోపన్యాసం చేయడానికి లేచి నిలబడ్డాడు. ఆయన వంతు మరుసటి రోజు వచ్చింది.