నిండు సభ, ఖాళీ హాలు

ఆ ఉదయం విద్యార్థినులైన ఆ అక్కాచెల్లెళ్ల పథకం చాలా చిన్నది. సభలో వీసీగారు రెండు మాటలు చెబుతారు. అందరూ టీకి బయటికి వెళ్తారు. కదలిక లేదని పసిగట్టి, వాళ్లు తయారుచేసిన యంత్రం దీపాలూ ఫ్యాన్లూ ఆపి, తలుపులు మూసి, వాచ్‌మన్‌కు ‘హాలు ఖాళీ’ అని మెసేజ్ పంపుతుంది. అద్దాల తలుపు బయట నిలబడి చూసే పెట్టుబడిదారు మేడమ్ సరేనంటుంది.

అనకపోతే, విద్యార్థుల కంపెనీల కోసం ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఒకే ఒక్క గది సాయంత్రానికి జవాబు పత్రాల గోదాము అయిపోతుంది. రిజిస్ట్రారుగారు అప్పుడే తాళంకప్ప కొనేశారు.

"అక్కా, ఆయన ఆపకుండా మాట్లాడితే?" వైర్లు బిగిస్తూ అడిగింది చెల్లి.

"మాట్లాడనీవే! మనుషులన్నాక కదలరా? తల గోక్కున్నా చాలు మన సెన్సారుకి."

అక్క ధీమాకు కారణముంది. యంత్రాన్ని హాస్టల్లో పరీక్షించింది. అక్కడ ఎవరూ కుదురుగా కూర్చోరు. వీసీ ఎదుట కూర్చున్న ఉద్యోగులు మరో జాతి అని ఆమెకు తట్టలేదు. పైగా అందం చెడుతుందని వేదిక వైపు సెన్సారు పెట్టనివ్వలేదు రిజిస్ట్రారు.

వీసీగారు నవకల్పన గురించి మొదలుపెట్టారు. ఆపలేదు. ముందు వరుసల్లో ప్రమోషన్లు కావలసినవాళ్లు బిగుసుకుపోయి విన్నారు. వెనక వరుసలవాళ్లు కళ్లు తెరిచే నిద్రపోయారు.

దీపాలు ఆరిపోయాయి.

"కరెంటు పోయింది. ఎవరూ కదలకండి!" అన్నారు వీసీ.

ఎవరూ కదల్లేదు. యంత్రానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది; ఫ్యాన్లూ ఆపేసింది.

"సార్, చేతులూపండి సార్!" వేదిక అంచు నుంచి ముందు వరుస లెక్చరర్‌ను బతిమాలింది చెల్లి.

"సారు వద్దన్నారు కదమ్మా," అన్నాడాయన, పెదవి కదపకుండా.

తలుపులు టక్కున పడ్డాయి. చీకట్లో మనిషి ముందుగా తన హోదాను తడుముకుంటాడు. రిజిస్ట్రారు వేదిక మీంచే వాచ్‌మన్‌కు ఫోన్ చేశారు. "ఏవయ్యా, నేను రిజిస్ట్రార్ని! హాలు తలుపు తియ్!"

"హాలు ఖాళీ అని మెసేజొచ్చిందండీ. పొద్దున్నే నాతోనా ఆటలు?" ఫోన్ పెట్టేశాడు.

చెల్లి పక్కన, వేదిక మీదే ఉన్న అక్క ఆలోచించింది. భయం వీళ్లను కదలనివ్వదు. అయితే భయపడ్డవాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంటుంది. గొంతెత్తి అరిచింది: "వీసీగారి ప్రసంగానికి చప్పట్లు!"

హాలు దద్దరిల్లింది. దీపాలు వెలిగాయి. తలుపులు తెరుచుకున్నాయి.

"చూశారా మేడమ్, మనుషుల్ని లోపలేసి బంధించే యంత్రం!" రిజిస్ట్రారు ఊగిపోయారు. "గది ఇప్పుడే ఖాళీ చేయిస్తాను."

లోపలికొచ్చిన మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "అది అబద్ధమేం చెప్పిందండీ? అద్దంలోంచి చూసి నేనూ బొమ్మలనుకున్నా. అమ్మాయ్, ఆ తలుపుల సంగతి తీసెయ్యి. మిగతాది మా ఆఫీసులన్నిటికీ కావాలి. మీటింగు ఎప్పుడు చచ్చిపోయిందో చెప్పేవాళ్లు మాకెవరూ లేరు."

వీసీగారికి ఇవేవీ వినపడలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. "నా జన్మలో ఇన్ని చప్పట్లు వినలేదయ్యా. గది ఈ పిల్లలదే. పక్కదీ ఇచ్చెయ్యండి."

రిజిస్ట్రారు తలూపారు. వీసీగారు గొంతు సవరించుకుని, ఆపిన చోటి నుంచి ప్రసంగం అందుకున్నారు.

ఈసారి సభ మొత్తం కాళ్లూ చేతులూ ఆడిస్తూ విన్నది.