రెండు వైపులా రాసిన బోర్డు

మంగళవారం పొద్దున్న ఆరింటికి కోరా టెస్మర్ ఫ్రిజ్ తలుపు ముందు నిలబడి, తను అంటించుకున్న జాబితాను మూడోసారి చదివింది. అక్షరాలు దిద్దే ఉప్పు పళ్లేలు. పిల్లల పేర్ల చీటీలు. పుస్తకాల అట్టలు బయటికి కనబడేలా సర్దాలి. రొట్టెల కొట్టు తెరవాలి. ఊపిరి పీల్చుకోవాలి. ఆ చివరిది మాత్రం ఆమె రాసింది కాదు, భర్త వెండెల్ రాశాడు.

"ఇంత కంగారెందుకు చెప్పు? వచ్చేది ఒక్క మనిషి. కోటు వేసుకుంటాడు, కుర్చీ అడుగుతాడు, పోతాడు," అన్నాడు వెండెల్ ఓట్స్ జావలో చక్కెర కలుపుకుంటూ.

"ఆ కుర్చీలు అయిదేళ్ల పిల్లలవి, వెండెల్. ఆయన ఆరడుగులుంటాడు."

"అయితే ఎక్కువసేపు కూర్చోడు. మంచిదేగా!"

కోరాకు నవ్వు రాలేదు. పైక్‌బెండ్ ఊరి పొలిమేరలో జనాభా మూడు వందల నలభై అని పలక ఉంటుంది. ఆ ఊరి బడిలో పై తరగతులన్నిటినీ నిరుడే ఇరవై రెండు మైళ్ల అవతల ఉన్న పట్నానికి తరలించేశారు. మిగిలింది కోరా చెప్పే కిండర్‌గార్టెన్ ఒక్కటే. పదకొండు మంది పిల్లలు. ఈ రోజు తొమ్మిదింటికి బడులపై అధికారి, సూపరింటెండెంట్ హోలిస్ బ్రాంట్ వచ్చి చూస్తారు. తరగతిలో కనీసం పదిమంది ఉండాలి, వాళ్లకు అక్షరాలు వంటబడుతున్నట్టు కనిపించాలి. ఈ రెంటిలో ఏది తప్పినా సెప్టెంబరు నుంచి అయిదేళ్ల పిల్లలు మంచులో బస్సెక్కుతారు, కోరా ఇంట్లో కూర్చుంటుంది.

రెండో షరతుకే ఆమె ఎక్కువ భయపడేది. అక్టోబరులో పెట్టిన పరీక్షలో సోల్వే టోలెఫ్‌సన్ అనే పిల్ల ఒక్క అక్షరాన్ని కూడా గుర్తుపట్టలేదు. బ్రాంట్ గారు ఆ కాగితం మీద పిల్ల పేరు చుట్టూ ఎర్ర సున్నా గీసి, పక్కన రాశారు: "రొట్టెల కొట్టు ఆట తగ్గించండి. చదువు పెంచండి."

ఆ కొట్టు గది మూలన అట్టపెట్టెలతో కోరా కట్టినదే. అక్కడ ధరల పట్టిక ఉంటుంది. కొనడానికి వచ్చిన పిల్లలు ఏం కావాలో చెబితే, అమ్మే పిల్లలు చీటీ మీద రాసుకుంటారు, వచ్చినట్టు, వచ్చినంత. ముందు భాగంలో ఒక బోర్డు వేలాడుతుంది. ఒకవైపు "తెరిచి ఉంది", రెండోవైపు "మూసి ఉంది". వేలితో తడిమితే తెలిసేలా ఆ అక్షరాలను గరుకు కాగితంతో కత్తిరించి అంటించింది. రాసి ఉన్న ప్రతి మాటకూ ఈ లోకంలో ఒక పని ఉంటుందని ఆమె పిల్లలకు రోజూ చెప్పేది.

కారులో కూర్చుని, అద్దం మీది మంచు కరిగేదాకా కళ్లు మూసుకుని ప్రార్థించింది. "ప్రభువా, ఈ రోజు ఊరంతా మా వెనక నిలబడేలా చూడు." దేవుడికి ఇంతకంటే పెద్ద పనులుంటాయని ఆమెకు తెలుసు. పదకొండు మంది పిల్లల కోసం ఆయన్ని అడగొచ్చా, అడగకూడదా అన్నది ఆమెకు ఎప్పుడూ తేలలేదు. అడగడం మాత్రం మానలేదు.

ఎప్పటిలాగే వెనక తలుపు నుంచి బడిలోకి వెళ్లింది. ఉప్పు పళ్లేలు పరిచింది. కుర్చీకి కుర్చీ అని, కిటికీకి కిటికీ అని రాసిన చీటీలు ఊడిపోకుండా అదిమింది. రొట్టెల కొట్టు దగ్గరకొచ్చి ఆగిపోయింది. బోర్డు లేదు.

బల్లల కింద చూసింది. బొమ్మల బుట్ట తిరగేసింది. బడి ఊడ్చి, గదుల్ని వెచ్చబెట్టే పొయ్యి చూసుకునే ఆర్విడ్ టోలెఫ్‌సన్ వెనక మెట్ల మీద మంచు ఎత్తిపోస్తుంటే కిటికీ తీసి అరిచింది. "ఆర్విడ్! రొట్టెల కొట్టు బోర్డు చూశారా?"

"కొట్టులోనే ఉందిగా, టీచర్ గారూ! కుకీ ఇంత, బన్ను ఇంత అని..."

"అది ధరల పట్టిక! నేనడిగేది ఇంకోటి!"

"ఇంకో పట్టికెందుకండీ, అందరికీ ఒకటే ధర పెట్టండి!" అని ఆర్విడ్ మళ్లీ పారలో పడ్డాడు.

ఎనిమిదిన్నర అయింది. పిల్లలు రాగానే తమ పేరున్న చీటీని "ఇల్లు" వైపు నుంచి "బడి" వైపుకు మార్చాలి. పదకొండు చీటీలూ ఇంటి వైపే ఉన్నాయి. ఎనిమిదీ నలభైకి కూడా ఒక్కటీ కదలలేదు. కోరా గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుంది. అది నడుస్తోంది. ఆ నిమిషంలో అంతకంటే ఘోరమైన విషయం ఆమెకు తోచలేదు.

కవలపిల్లల తల్లి డార్లా వీస్‌కు ఫోన్ చేసింది. లైను దొరకలేదు. దొరకదు మరి. డార్లా అప్పటికి అరగంటగా ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంది.

అంతకుముందు, ఎనిమిదీ పదికి డార్లా కవలల్ని దింపడానికి బడి ముందు తలుపు దగ్గరకు వచ్చింది. గాజు తలుపుకు ఒక బోర్డు వేలాడుతోంది: "మూసి ఉంది". మంచు వల్ల సెలవా అంటే, రేడియోలో ఆ మాట చెప్పలేదు. రేడియోలో చెప్పకుండా మూశారంటే అది సెలవు కాదు. డార్లా తలుపు తోసి చూడలేదు. కారు తిప్పి నేరుగా కాఫీ హోటలుకు వెళ్లింది. దారిలో ఎదురైన ముగ్గురు తల్లులకు కిటికీ దించి మరీ చెప్పింది. తలుపు మీద "మూసి ఉంది" అని ఉంటే, మొదటామెకు "మూసేశారు" అని చెప్పింది. రెండో ఆమె దగ్గరకొచ్చేసరికి అది "మూసేశారట, ఇక తెరవరట" అయింది. మూడో ఆమెకు, ఆ బ్రాంట్ గారు రాత్రికి రాత్రే తాళం వేయించాడని కూడా తెలిసింది.

తర్వాత డార్లా చర్చి ప్రార్థన గొలుసుకు ఫోన్ చేసింది. ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా మొదట యూనిస్‌కు చెబుతారు. ఆమె ఇద్దరికి చెబుతుంది, ఆ ఇద్దరూ తలా ఇద్దరికి. యూనిస్ ఆర్విడ్ తల్లి, సోల్వేకు నానమ్మ. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. ఒక చెవి పనిచేస్తుంది, ఫోన్ మాత్రం రెండో చెవికి పెట్టుకుంటుంది.

"యూనిస్ గారూ, కిండర్‌గార్టెన్ పోయిందండీ!"

"ఎవరు పోయారూ?"

"టెస్మర్ గారి కిండర్‌గార్టెన్!"

"టెస్మరా? కోరానా? అయ్యో నా తల్లీ! మొన్న ఆదివారమేగా నా పక్కన నిలబడి పాడింది! కొంచెం శ్రుతి తప్పిందిలే, అప్పుడే అనుకున్నా ఒంట్లో బాగాలేదేమోనని!"

డార్లా ఏదో అనబోయింది. యూనిస్ అప్పటికే ఫోన్ పెట్టేసి, వేరే ఇద్దరికి చేస్తోంది. ఆర్విడ్‌కు చెప్పాలని చూసింది గానీ, వాడి ఫోన్ వంటింట్లోనే చార్జింగులో ఉంది.

పైక్‌బెండ్‌లో ఎవరైనా పోతే ఆడవాళ్లు ఏడుస్తూ నిలబడరు. పొయ్యి వెలిగిస్తారు. ఇరవై నిమిషాల్లో ఊళ్లో ఆరు ఓవెన్లలో మాంసం, బంగాళాదుంపలు కలిపిన హాట్‌డిష్‌లు పొంగుతున్నాయి. అంత్యక్రియల భోజనాలకని ఫ్రీజర్లో దాచిన, పంది మాంసం పెట్టిన హామ్ బన్నులు బయటికొచ్చాయి. టెస్మర్ల పొలం దారి గాలికి మళ్లీ మంచుతో పూడుకుపోయిందని ఎవరో గుర్తుచేశారు. అయితే అన్నీ బడికి పట్టుకెళ్దామన్నారు. కాఫీ హోటల్లో డార్లా చుట్టూ చేరినవాళ్లు కూడా అప్పుడే బడికి బయలుదేరారు. వాళ్లు ఏడవడానికి వెళ్లడం లేదు, పోట్లాడటానికి వెళ్తున్నారు.

ఎనిమిదీ యాభైకి బడిలో ఫోన్ మోగింది.

"ఎవరు?" అన్నాడు అవతలి నుంచి వెండెల్.

"నేనే. కోరాని."

"నువ్వేనా? నిజంగా?"

"వెండెల్, పిల్లలొక్కరూ రాలేదు. ఇంకో పది నిమిషాల్లో ఆయనొస్తాడు. నాకు హాస్యాలు వద్దు."

"హాస్యం నాది కాదు. ముగ్గురు ఫోన్ చేసి 'ధైర్యంగా ఉండు' అన్నారు. ఒకావిడ హామ్ బన్నులు ఎన్ని కావాలని అడిగింది. ఇంకొకావిడ నీ నీలం గౌను ఎక్కడుందని అడిగింది."

"నా నీలం గౌనెందుకు?"

"అదే నేనూ అడిగాను. ఆవిడ ఏడ్చింది."

అదే సమయానికి హోలిస్ బ్రాంట్ కారు బడి ముందు ఆగింది. ఆయన మెట్లెక్కాడు, బోర్డు చదివాడు, చేతి గడియారం చూసుకున్నాడు, మెట్లు దిగాడు. కారులో కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేశాడు. "పైక్‌బెండ్ మూసేశారు! నేనింకా చూడనే లేదు, ఎవరు మూయమన్నారు?" అని కేకలేస్తుండగా అద్దం మీద ఎవరో తట్టారు. తలెత్తి చూస్తే కారు చుట్టూ అరవైమంది ఉన్నారు. సగంమంది కోపంగా ఉన్నారు, సగంమంది నల్లబట్టల్లో ఉన్నారు, నల్లబట్టలవాళ్ల చేతుల్లో ఆవిర్లు కక్కే గిన్నెలున్నాయి.

"దిగండి సార్!" అంది డార్లా. "మా మొహం మీద చెప్పండి, ఎందుకు మూశారో!"

"నేనా? నేనింకా మూయలేదమ్మా!"

"ఇంకానా?" అన్నారు వెనక నుంచి.

బ్రాంట్ గారు తన నోట ఏం జారిందో అప్పుడు గ్రహించి, టోపీ సర్దుకున్నాడు.

బయట సందడి విని కోరా, ఆర్విడ్ ముందు తలుపు దగ్గరి నడవాలోకి పరుగెత్తారు. గాజు తలుపు అవతల ఊరంతా నిలబడి ఉంది. తలుపు మీద, లోపలి వైపున, ఆమె పొద్దుటి నుంచీ వెతుకుతున్న బోర్డు వేలాడుతోంది. "తెరిచి ఉంది" అని.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"మీరే పెట్టారనుకున్నా," అన్నాడు ఆర్విడ్. "అయిదున్నరకే చూశా. పెద్దాయనొస్తున్నాడు కదా, ముచ్చటగా ఉందనుకున్నా."

"ఆర్విడ్, అవతలి వైపు ఏం రాసి ఉందో తెలుసా?"

ఆర్విడ్ ఆలోచించాడు. ముఖం పాలిపోయింది.

కోరా తలుపు తీసింది. ముందువరసలో ఉన్న ఒకావిడ చేతిలోని గిన్నె వదిలేసింది. యూనిస్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కోరా! నువ్వు పోయావన్నారే!"

"ఎక్కడికి, యూనిస్ గారూ?"

"నాకేం తెలుసమ్మా, పైకే అనుకున్నాం! ఇదిగో హామ్ కూడా తెచ్చాను!"

తరగతిలో ఒక్క పిల్లా లేదు, మెట్ల మీద ఆమె అంత్యక్రియల భోజనం ఉంది, సూపరింటెండెంట్ పక్కనే నిలబడి అన్నీ చూస్తున్నాడు. పొద్దున తను ఏమని ప్రార్థించిందో గుర్తొచ్చింది. ఊరంతా వెనక నిలబడాలని అడిగింది. నిలబడ్డారు. కొంచెం వివరంగా అడగాల్సింది.

ఇంతలో పెద్దవాళ్ల కోట్ల మధ్య నుంచి ఎర్ర టోపీ ఒకటి పాకుతూ వచ్చింది. సోల్వే. నానమ్మ చెయ్యి విడిపించుకుని తలుపు దగ్గరకొచ్చి, పైకి చూసి, నుదురు కొట్టుకుంది.

"అయ్యో! నేనే మర్చిపోయా!" అని మునివేళ్ల మీద లేచి బోర్డు తిప్పింది. బయటివాళ్ల వైపుకు "తెరిచి ఉంది" వచ్చింది.

బ్రాంట్ గారు వంగాడు. "ఏం చేశావు పాపా?"

"నిన్న సాయంత్రం నాన్న 'పద, బడి మూసేశాం' అన్నాడు. అందుకే 'మూసి ఉంది' పెట్టా. పొద్దున తెరుస్తారుగా? అప్పుడు తిప్పాలి. అందుకే రెండు వైపులా రాస్తారు."

"ఆ మాటలు చదవడం నీకొచ్చా?"

సోల్వే ఆయన్ను జాలిగా చూసింది. "మీకు రాదా?"

ఎవరో గట్టిగా నవ్వారు. ఆయన బోర్డు వైపు చూశాడు, అక్షరాల మీద వేలు పెట్టి తడిమాడు. "పేరేంటి నీది?" అన్నాడు. పిల్ల చెప్పింది. ఆయనకు ఆ పేరు, దాని చుట్టూ తను గీసిన ఎర్ర సున్నా గుర్తొచ్చినట్టున్నాయి.

వంటకాలు చల్లారిపోతున్నాయని యూనిస్ గోల పెట్టింది. అందరూ లోపలికొచ్చారు. పదకొండు చీటీలూ బడి వైపుకు మారాయి. అరవైమందికి గిన్నెలు పెట్టడానికి చోటెక్కడని చూస్తే, రొట్టెల కొట్టు బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. కొట్టులోకి నిజం తిండి రావడం పిల్లలకు అదే మొదటిసారి. వాళ్లు ఎవరూ చెప్పకుండానే చీటీల పుస్తకాలు అందుకున్నారు. ఒక కవల హాట్‌డిష్ మీద పేరు రాసి అంటించాడు, సగం అక్షరాలతో. రెండోవాడు మిగతా సగం పెట్టాడు. సోల్వే పెన్సిలు చెవికి దోపుకుని ఆరడుగుల బ్రాంట్ గారి దగ్గరకు వెళ్లింది. ఆయన చిన్న కుర్చీలో, మోకాళ్లు చెవుల దాకా వచ్చేలా ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏం కావాలి సార్?"

"హామ్ బన్ను."

ఆమె నాలుక బయటపెట్టి, నిదానంగా రాసింది. హ కు దీర్ఘం వంకర పోయింది, మ తలకిందులైంది. కానీ వెళ్లి తెచ్చింది మాత్రం హామ్ బన్నే. ఆయన ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకోవడం కోరా చూసింది. అప్పుడు గానీ ఆమె జాబితాలోని చివరి పని చేయలేదు. నిండుగా ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారం ఆఫీసు నుంచి కవరొచ్చింది. వెండెల్ మూడు రోజుల నాటి హాట్‌డిష్ తింటూ ఉండగా కోరా దాన్ని విప్పింది. తరగతి పైక్‌బెండ్‌లోనే కొనసాగుతుందని మొదటి వాక్యంలోనే ఉంది. హాజరు: పదకొండు. రొట్టెల కొట్టు: ఉంచండి. అడుగున, "చదవడంలో అదనపు సాయం అవసరమైనవారి సంఖ్య" అన్న గడిలో మూడు వందల ముప్పై అని ఉంది.

"ఊళ్లో మనుషులు మూడు వందల నలభై. పదకొండు మంది పిల్లల్ని తీసేస్తే మూడు వందల ఇరవై తొమ్మిదేగా," అన్నాడు వెండెల్. "ఆ ఇంకొకరెవరు?"

కోరా కాగితం తిప్పి చూసింది. రెండోవైపున ఒక్క సంతకమే ఉంది, హోలిస్ బ్రాంట్ అని.