సీల్ చెకర్ చేసిన షర్బత్ డబ్బా

ఆ ఆదివారం పొద్దున తిమోతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అరవై అట్ట డబ్బాల సుగంధి షర్బత్ పంచాలి. జనం వాటిని తెరుచుకుని తాగాలి. తను ఒక పక్కన నిలబడి, నోరు మూసుకుని చూడాలి. అంతే.

తిమోతి ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డులో సీల్ చెకర్. గూడ్సు బండి వచ్చి ఆగగానే వ్యాగన్ల వెంట నడుస్తూ, తలుపు తలుపుకీ వేసిన సీసపు సీలును వేళ్ళతో తడిమి, తెగలేదని నమ్మకం కుదిరాక పుస్తకంలో రాసుకోవడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే నడక. వ్యాగన్లు మాత్రం అతని వేలిముద్రలు మోసుకుని ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేవి. మంచులో మసకగా కనిపించే చివరి బోగీ ఎర్రదీపాన్ని చూస్తూ, అది పొద్దున్నే ఏ ఊరు చేరుతుందో, ఆ ఊళ్ళో ఎవరు ఆ తలుపు తెరుస్తారో అని అతను ఊహించుకునేవాడు. తెరిచేవాళ్ళకు తిమోతి అనే మనిషి ఉన్నాడని తెలియదు. సీలు మీద నెంబరు ఉంటుంది గాని పేరు ఉండదు.

కిందటి ఎండాకాలం కలకత్తాలోని ఒక షర్బత్ కంపెనీ పేపర్లో ప్రకటన వేసింది. రైలు ప్రయాణికులు తాగి పారేసే మైనం అట్ట డబ్బాలు తేబోతున్నారట. గాజు సీసాలైతే బండి కదిలిపోతుంటే వెనక్కి అడగడం కష్టంగా ఉందట. చాకు గాని, పళ్ళు గాని అక్కర్లేకుండా తెరుచుకుని, ఒలక్కుండా పోసే మూత ఎవరైనా చేసి పంపితే, వాళ్ళ పేరు డబ్బా మీద అచ్చు వేస్తామని రాశారు. ఆ చివరి మాట తిమోతి మూడుసార్లు చదివాడు.

మొదటి మూత చొక్కా తడిపింది. రెండోది పట్టకారు అడిగింది. మూడోది అతని భార్య జ్ఞానరత్నం తలపిన్నుతో తప్ప రానంది. ఒక సాయంత్రం క్వార్టరు చూరులో పిచ్చుకపిల్ల నోరు తెరవడం చూస్తూ అతను చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆ తర్వాత డబ్బా మూల ఒకటి చిన్న ముక్కులా మడిచి, దాని మీద గుడ్డపట్టీ వేసి, తేనెమైనంతో అంటించాడు. పట్టీ చివర చెవిలా బయటికి వదిలాడు. చెవి పట్టుకుని లాగితే పట్టీ ఊడి చేతికి వచ్చేది, ముక్కు తెరుచుకునేది. షర్బత్ సన్నటి దారంలా జారేది.

కంపెనీవాళ్ళు అరవై ఖాళీ డబ్బాలు పంపారు. మా మనిషి సన్యాల్ బాబు ఆదివారం వస్తాడు, అరవైలో కనీసం ముప్పై డబ్బాలు జనం తమంతట తామే తెరవాలి, ఎలా తెరవాలో మీరు చెప్పకూడదు, సైగ కూడా చెయ్యకూడదు అని షరతు పెట్టారు.

డబ్బాలు నింపి, మూతలు అంటించడం అయ్యాక, తిమోతి పెన్సిలు చెవి మీంచి తీసి ప్రతి పట్టీ మీదా ఏదో రాస్తూ కూర్చున్నాడు. జ్ఞానరత్నం గరిటె పట్టుకుని వచ్చి చూసింది.

"ఏటయ్యా ఆ రాతలు?"

"నెంబరూ తారీఖూనే."

"తాగి పారేసే డబ్బాకి నెంబరెందుకయ్యా?"

"సీలన్నాక నెంబరుండాల గదే. బోసిగా ఉంటే నా సెయ్యి ఊరుకోదు."

"నీ సెయ్యి సంగతి నాకు తెల్దేటి? పెళ్ళినాడు నా మెళ్ళో గొలుసు కొక్కెం రెండుసార్లు లాగి సూసినావు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యేసరికి చలికాలపు ఎండ పాలమీగడలా పరుచుకుంది. మగవాళ్ళు ముందు ఆవరణలో బెంచీల మీద, ఆడవాళ్ళు వెనక వరండాలో కూర్చోవడం అక్కడి అలవాటు. ఒకటి నుంచి ముప్పై దాకా ఉన్న పెట్టె వెనక్కి వెళ్ళింది. ముప్పై ఒకటి నుంచి అరవై దాకా ఉన్నది ముందు ఉండిపోయింది. సన్యాల్ బాబు నోటుబుక్కు తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని, ముందు ఆవరణలోనే కుర్చీ వేయించుకున్నాడు.

మొదటి డబ్బా విల్‌ఫ్రెడ్ చేతికి వచ్చింది. అతను గూడ్సు గార్డు. ఇంట్లో అన్నం తినే ముందు కూడా గడియారం చూసుకునే మనిషి. డబ్బా అటూ ఇటూ తిప్పాడు. పట్టీ మీద చూపు ఆగింది.

"నెంబరు నలభై ఒకటి. తారీఖుంది. సీల్ ఇంటాక్ట్," అన్నాడు. తృప్తిగా డబ్బాను బెంచీ మీద పెట్టేశాడు.

పక్కనున్న వాళ్ళు తమ డబ్బాలు చూసుకున్నారు. "నాది యాభై రెండు. ఇంటాక్టే." "నాదీ సరిగ్గానే ఉన్నాది." ముప్పై మందీ రైల్వే వాళ్ళు. కొందరు షెడ్డు, కొందరు యార్డు, కొందరు బండి మీద తిరిగేవాళ్ళు. సీలున్న సరుకు ఎవరి చేతికి వస్తే వాళ్ళు విప్పేది కాదని ఆ కాలనీలో పాకే పిల్లలకు కూడా తెలుసు. ముప్పై డబ్బాలూ బెంచీల మీద బుద్ధిగా నిలబడ్డాయి. ముప్పై మందీ వాటి పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఇంతకీ ఇయ్యి ఎవరి పేరు మీద బుక్కయినాయి?" అని అడిగాడు గోవిందరావు. అతను గూడ్సు ఆఫీసులో గుమాస్తా. న్యూ సెటిల్‌మెంట్ కాలనీ నుంచి స్నేహితుడు విల్‌ఫ్రెడ్ కోసం సైకిలు మీద వచ్చాడు.

ఎవరికీ తెలియలేదు. అందరూ తిమోతి వైపు చూశారు. తిమోతి ఆకాశం వైపు చూశాడు. దూరంగా ఒక ఇంజను నిట్టూర్చింది.

"దాదా, కేఉ ఖాచ్చే నా కేనో?" ఎవరూ తాగడం లేదేమిటని సన్యాల్ బాబు మెల్లగా అడిగాడు. తిమోతి చెప్పబోయి పెదవి కొరుక్కున్నాడు. సన్యాల్ బాబు నోటుబుక్కులో ఒక గుండ్రటి సున్నా చుట్టాడు. చాలా అందమైన సున్నా.

అంతలో గోవిందరావు తన డబ్బాను అరచేతిలో ఆడించాడు. అతనిది అరవయ్యో నెంబరు. మళ్ళీ ఆడించాడు. అతని ముఖం మారిపోయింది.

"ఒరే విల్‌ఫ్రెడూ, ఇది తేలిగ్గా ఉన్నాదేటిరా?"

విల్‌ఫ్రెడ్ డబ్బా అందుకున్నాడు. తన డబ్బాతో పోల్చి చూశాడు. గొంతు తగ్గించి, "సీల్ ఇంటాక్ట్, మాల్ షార్ట్," అన్నాడు.

సీలు తెగి సరుకు పోతే అది దొంగతనం. సీలు తెగకుండానే సరుకు తగ్గితే మాత్రం ఎంక్వైరీ. అందులో ఎవరి పీకల మీదికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ మాట వినగానే ఇద్దరు తమకు తెలియకుండానే చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

"గేటు ముయ్యండి. తేలేదాకా ఎవరూ ఎల్లడానికి నేదు," అన్నాడు విల్‌ఫ్రెడ్.

గేటు దగ్గర చేపలమ్మే మనిషి తక్కెడ ఇవ్వనంటే, తక్కెడతో పాటు ఆమెను కూడా లోపలికి పిలిచారు. ముప్పై డబ్బాలూ తూచారు. పాదిరిగారు భోజనానికి బయలుదేరబోతుంటే సాక్షిగా కూర్చోబెట్టారు. గోవిందరావు సండే స్కూలు నోటుబుక్కులోంచి కాగితం చింపి, గీతలు గీసి, నెంబరు, బరువు, సీలు పరిస్థితి అని మూడు వరసలు రాశాడు. ఆదివారం పూట ఇంత హాయిగా పని దొరుకుతుందని వాళ్ళెవరూ అనుకోలేదు. ముఖాలు వెలిగిపోతున్నాయి.

"తిమోతన్నా, నువ్వు రాకపోతే సీలు మాట తేల్దు. ఇటు రా," అని పిలిచాడు విల్‌ఫ్రెడ్.

తిమోతి కలలో నడిచినట్టు వెళ్ళాడు. అరవయ్యో డబ్బా చేతికి ఇచ్చారు. వేళ్ళు వాటంతట అవే పట్టీ అంచును తడిమాయి. మైనం ఎక్కడా చిట్లలేదు. అంచు ఎక్కడా లేవలేదు. ముప్పై ఏళ్ళలో ఇంత శుభ్రమైన సీలు అతను చూడలేదు.

"ఇంటాక్ట్," అన్నాడు గర్వంగా. ఆ తర్వాత తన నోటిని తనే తిట్టుకున్నాడు.

సన్యాల్ బాబు ఇక చూడలేకపోయాడు. మంచినీళ్ళయినా దొరుకుతాయేమోనని చర్చి చుట్టూ తిరిగి వెనక వరండాకు వెళ్ళాడు. అక్కడ ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని ఎండలో కూర్చున్నారు. పిల్లలు ఖాళీ డబ్బాల ముక్కుల్లోకి ఊది ఈలలు వేస్తున్నారు. నేలంతా గుడ్డపట్టీలు మల్లెపూల రేకుల్లా రాలి ఉన్నాయి.

"ఆప్ లోగ్... ఎలా ఖోలా?" అన్నాడు, వాళ్ళు ఎలా తెరిచారో తెలియక నివ్వెరపోయి.

"ఎలాగేటి బావూ?" అంది సూసన్న అనే ముసలామె. "సెవుంది, లాగినాను. తాగమనిచ్చి తాగితే అంత ఇచిత్రమా?"

సన్యాల్ బాబు పెన్సిలుతో లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది. ముప్పయ్యోది జ్వరంతో ఉన్న పాదిరిగారి భార్యకు ఇంటికి పంపేశారు. ఆమె తెరిచిందో లేదో ఎవరూ చూడలేదు.

"ఏక్‌టా కమ్, మాసీ," అన్నాడు జ్ఞానరత్నంతో, ఒకటి తగ్గిందని ఒక వేలు ఎత్తి చూపించి. జ్ఞానరత్నం ఆ వేలి వైపు చూసింది. భర్త ఈ ఏడు నెలలూ చూరు కింద కూర్చున్న సాయంత్రాలన్నీ ఆ ఒక్క వేలి మీద ఆగినట్టు అనిపించింది. విషయమేమిటో కనుక్కుందామని కొంగు దోపుకుని ముందు ఆవరణలోకి నడిచింది. తక్కెడ చూసింది. కాగితం చూసింది. కూర్చోబెట్టిన పాదిరిగారిని చూసింది.

"ఓలమ్మో! దీనికా ఈ గోలంతా? అరవయ్యోది నింపేసరికి సెరబతు అయిపోనాదయ్యా! సగమే పోసినాను!"

"వదినా, నోటిమాట సెల్లదు," అన్నాడు విల్‌ఫ్రెడ్ మర్యాదగా. "రాసిచ్చి సంతకం పెట్టు. అప్పుడు కూడా సీలు ఇప్పి, సరుకు కొలిసి, నువ్వు సెప్పింది నిజమేనని తేల్సుకోవాల."

"అయితే ఇప్పండి మరి!"

"సాక్షుల ముందర ఇప్పుతాం. ఉండు."

ఆ కాగితం మీద మెమో పూర్తి కావడానికి ఇంకో పావుగంట పట్టింది. జ్ఞానరత్నం వెనకే వచ్చిన సన్యాల్ బాబు గడియారం చూసుకున్నాడు. హౌరా బండికి అరగంటే ఉంది. పాదిరిగారు సంతకం పెట్టారు. చేపలామె వేలిముద్ర వేసింది. అరవయ్యో డబ్బానూ, కొలవడానికి ఒక గ్లాసునూ బల్ల మధ్యలో పెట్టారు. విప్పే అధికారం ఎవరిదని కొంత చర్చ జరిగి, డబ్బా ఎవరి చేతికి వచ్చిందో అతనే అని తేలింది.

గోవిందరావు చేతులు తుడుచుకున్నాడు. "పనిముట్టేటి గావాల? కటింగ్ ప్లయరుందా?"

ప్లయరుతో తెరిస్తే కంపెనీ ఒప్పుకోదు. చెవి అక్కడే, గాలికి కొద్దిగా ఊగుతూ, పిలుస్తున్నట్టు ఉంది. తిమోతి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండోదాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

ప్లయరు కోసం ఎవరో లేచారు. గోవిందరావు వంగి డబ్బాను దగ్గరగా చూశాడు. పెదవి విరిచాడు. తలగోక్కున్నాడు. ప్లయరు వచ్చేలోగా ఊరికే ఉండలేక, వేలితో చెవిని ఇలా ఒకసారి కదిపి, లాగి చూశాడు.

మైనం చిన్న నిట్టూర్పుతో వదిలింది. అట్ట మూల పిచ్చుకపిల్ల నోరులా తెరుచుకుంది. అతను డబ్బా వంచితే షర్బత్ గ్లాసులోకి ఎర్రటి దారంలా జారింది. ఒక్క చుక్క కూడా మెమో మీద పడలేదు.

"అబ్బో!" అన్నారు ముప్పై మందీ.

"సగం గ్లాసు. వదిన సెప్పింది నిజమే," అని గోవిందరావు రాసుకున్నాడు. కొలిచిన సరుకు తిరిగి పొయ్యడానికి రూలు లేదు కాబట్టి గ్లాసు ఎత్తి తాగేశాడు. తాగి, ఖాళీ గ్లాసులోకి ఒక క్షణం చూశాడు. "ఒకటి ఇప్పినాక ఇంకేటుంది? మొత్తం లోడంతా ఓపెన్ డెలివరీయే!"

ఆ మాటతో ముప్పై మందికీ ప్రాణం లేచి వచ్చింది. ఓపెన్ డెలివరీ అంటే సాక్షుల ముందు విప్పి అప్పగించడం, ఇక ఎవరి డబ్బా వాళ్ళు తెరవొచ్చు. మిగిలిన ఇరవై తొమ్మిది చెవులూ ఒకేసారి లాగారు. పావురాల గుంపు లేచినంత చప్పుడైంది. కాని అప్పటికే సన్యాల్ బాబు తన సున్నాను కొట్టేసి, దాని పక్కన ముప్పై అని రాసి, తిమోతి చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేస్తున్నాడు.

"దాదా, పాస్! మీ నామ్ ఎక్కడ పడాలో నేనే చూస్తాను. ఒక్క మనిషి కూడా చూడకుండా తాగడానికి వీల్లేని జాగాలో వేయిస్తాను."

ఎండలు ముదిరే వేళకు డబ్బాలు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చాయి. బొంబాయి మెయిలు వచ్చే టైముకు తిమోతి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జ్ఞానరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. సన్యాల్ బాబు మాట తప్పలేదు. పేరు స్పష్టంగానే ఉంది. సరిగ్గా చెవి మీద వేయించాడు. కిటికీ కిటికీలోనూ చేతులు ఆ పేరు పట్టుకున్నాయి, లాగాయి, బయటికి విసిరేశాయి. డబ్బాలు బొంబాయి వైపు వెళ్ళిపోయాయి. బండి లేపిన గాలికి తెల్లటి పట్టీలు సీతాకోకల్లా లేచి, కాసేపు గాల్లో తేలి, మెల్లగా వచ్చి తిమోతి కాళ్ళ దగ్గరే వాలాయి.

"ఇయ్యేటి ఇన్నున్నాయి?" అని జ్ఞానరత్నం అక్కడ ఊడుస్తున్న మనిషిని అడిగింది.

"ఇదేటమ్మా, రోజుకి రెండు బుట్టలు," అన్నాడతను చీపురు ఆపకుండానే.

ఆ ఎండాకాలమంతా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద రోజుకు రెండు బుట్టల తిమోతిని ఊడ్చారు.