నెత్తళ్ళ వంశవృక్షం

ఆ శనివారం పొద్దున్న బంగారయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భీమిలి నుంచి రైల్లో వచ్చిన మూడు బస్తాల ఎండు నెత్తళ్ళను వానలు పడేలోగా వదిలించుకోవాలి. కలకత్తా చెమ్మ తగిలితే ఎండు చేపకు రెండు రోజుల్లో పురుగు పడుతుంది. వాట్‌గంజ్‌లో ఆ సందు పొడుగునా రేవులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ళ ఇళ్ళే కాబట్టి, శనివారం ఆడవాళ్ళు కదిలారంటే బస్తాలు కదిలినట్టే. తక్కెడ తుడిచాడు, గంప దులిపాడు, కూర్చున్నాడు.

జనం వచ్చారు. ఎదుటి కొట్టుకు వచ్చారు.

ఎదుటి కొట్టు దయారత్నానిది. అదే సరుకు, అదే ధర. సొంతూళ్ళలో ఇద్దరికీ మధ్య ఒక వాగు అడ్డం, అంతే. అందుకని ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఒకరి గంపకేసి ఒకరు చూడకుండా ఒక్క పూటా గడపరు.

"ఆడికాడ ఏటైనా ఊరికే పంచుతన్నారేటి?" అని బంగారయ్య భార్యను అడిగాడు.

"నీకు తెల్దేటి?" అంది తవిటమ్మ. "రేపు గాదు, పై ఆదివారం తెలుగు సంఘం హాల్లో వాదన పెట్టినారు. మనిషిని దేవుడు సేసినాడా, కోతిలోంచి వచ్చినాడా అని. దేవుడి తరపున దయారత్నం మాటాడతాడంట. అందరూ మెచ్చుకోడానికి పోతన్నారు."

"మెచ్చుకోనీ. సంచీలెందుకు?"

"మెచ్చుకోడానికి పోయినోళ్ళు ఉత్త సేతుల్తో వస్తారేటి."

మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడన్న బెంగ బంగారయ్యకు ఎన్నడూ లేదు. ఏ కొట్టుకు వచ్చాడన్నదే అతను చూసుకునేవాడు. ఇప్పుడు తక్కెడ పక్కకు నెట్టాడు.

"కోతి తరపున ఎవులు?"

"ఎవులూ నేరు. సైన్సు క్లబ్బు మాస్టారు తెలుగోడి కోసం ఎతుకుతన్నాడంట."

సంతలో ఖాళీగా ఉన్న చోటును వదిలేసేవాడు వ్యాపారి కాడు. మధ్యాహ్నానికల్లా బంగారయ్య పార్టీ లోకల్ కమిటీ ఆఫీసు పక్కగదిలో, సైన్సు క్లబ్బు నడిపే పరిమల్ మాస్టారి ఎదుట బెంచీ మీద ఉన్నాడు. మాస్టారు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. తెలుగు రాదు, కానీ తెలుగువాడు దొరికాడన్న ఆనందంలో మట్టికప్పులో చాయ్ తెప్పించి, బట్ట మీద రంగుల్లో వేసిన పెద్ద పటం విప్పాడు. పైన మనిషి. కింద కోతి, దాని కింద బల్లి, దాని కింద కప్ప. అట్టడుగున నీళ్ళలో ఒక చేప.

"కోతితో ఆగలేదా దాదా?" అన్నాడు బంగారయ్య బెంగాలీలో.

"కోతి మొన్నటి మాట. అసలు మూలం చేప."

బంగారయ్య ప్రాణం లేచొచ్చింది. కోతి గురించి అతనికేమీ తెలియదు. చేప గురించయితే కలకత్తాలో తనకన్నా అధికారంగా మాట్లాడగలవాడెవడు? సభలో ఆ తరపున తనే మాట్లాడతానని ఒప్పుకుని, ఆ పటం అడిగి పట్టుకొచ్చి, దయారత్నం కంటపడేలా నెత్తళ్ళ గంపకు సరిగ్గా పైన వేలాడదీశాడు.

మర్నాడు ఆదివారం మొదటి బేరం సన్యాసమ్మది. ఆమెకు చదువు రాదు గాని బొమ్మలు చూడ్డానికి చదువక్కర్లేదు. మనిషి దగ్గర వేలు పెట్టి ఒక్కొక్క మెట్టే దిగి చేప దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి చూపు గంపలోకి దిగింది.

"ఏటయ్యా ఇది?"

"మన పుట్టుక. మనందరం సేపలోంచే వచ్చినాం."

"అంటే ఇయ్యి మన పెద్దోళ్ళా?"

"మరేటనుకున్నావు. తాతకి తాతలు," అన్నాడు బంగారయ్య, ఎదుటి కొట్టుకు వినిపించేలా.

సన్యాసమ్మ గుప్పిట్లో ఉన్న నెత్తళ్ళను మెల్లగా గంపలో పడుకోబెట్టింది. "మొన్ననే మా మావ పేరున కొత్త బట్టలెట్టి దండమెట్టినాను. ఇప్పుడు ఉల్లిపాయలేసి ఏపుకోనా?" అని కొంగుకు చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి సందంతా అదే మాట. బంగారయ్య పెద్దల్ని ఎండబెట్టి అమ్ముతున్నాడట. దయారత్నం చేపలు అలాంటివి కావు. వాటిని దేవుడు విడిగా, మనిషి తినడానికే చేశాడు. జనం అటే నడిచారు.

సోమవారం బంగారయ్య మాస్టారి దగ్గరకు పరుగెత్తాడు. మాస్టారు నవ్వి, ఇప్పటి చేపలు తాతలు కావు, మనమూ అవీ కూడా ఎప్పటిదో ఒక పాత చేప సంతతి, ఆ లెక్కన అవి మనకు అన్నదమ్ముల వరస అని వివరించాడు. బంగారయ్య తేలికపడి వచ్చి కొట్టు ముందు నిలబడి చాటాడు. "తాతలు కాదమ్మా. దాయాదులు. మాస్టారు సెప్పినారు."

సన్యాసమ్మ ఆగింది. సోంపేట దగ్గర కొబ్బరితోట కోసం దాయాదులతో పదకొండేళ్ళుగా కోర్టులో ఉన్న మనిషి. కాసేపు ఆలోచించి, "దాయాదులైతే ఒక కేజీ తూయి," అంది.

ఆ వారం మొత్తానికీ అదొక్కటే బేరం. ఎందుకంటే పక్కనే ఉన్న అప్పమ్మ ఇంకోలా ఆలోచించింది. "దాయాది పోతే పదకొండు రోజులు మైల గదా. ఈడ బస్తాలకి బస్తాలే పోయున్నారు. ఈ కొట్టు మైల ఎప్పటికి తీరతాది?"

"రొయ్యలున్నాయి అప్పమ్మా," అన్నాడు బంగారయ్య గొంతు తగ్గించి. "అయ్యి మన వంశం కాదంట."

"మైలింట్లో ఉన్నయ్యేగా," అంటూ ఆమె గడప తాకకుండా తప్పుకుంది.

కొట్టు ముందు జనానికి మాత్రం లోటు లేదు. పటం చూడటానికి కొందరు, వాదించడానికి కొందరు, క్లబ్బు వాళ్ళు, పార్టీ వాళ్ళు, పక్క పేట వాళ్ళు. కొనేవాడొక్కడు లేడు. ఆ సంగతి దయారత్నానికి తెలిస్తే తను బతికి లాభం లేదు. అందుకని బంగారయ్య రిక్షా బైరాగితో ఒప్పందం చేసుకున్నాడు. ఆ మూడు బస్తాలే పెరటి దారిన బయటికి పోయి, వీధి చుట్టి, వీధి దారిన కొత్త సరుకులాగా లోపలికి రావాలి. పూటకు రెండుసార్లు. ఎదుటి కొట్టులో దయారత్నం ఆ బస్తాలను మనసులో లెక్కపెట్టుకోవడం చూస్తే బంగారయ్యకు ఆకలి తీరినట్టుండేది.

గురువారం ఆకాశం నల్లబడింది. బస్తాల్లో చెయ్యి పెడితే చెమ్మ తగిలింది.

"ఆ పటం తీసెయ్యి," అంది తవిటమ్మ.

"తీస్తే ఆడు నవ్వుతాడు."

"మరైతే పురుగులు నవ్వుతాయి."

రాత్రంతా తూచి చూసుకుంటే ఒకటే దారి కనిపించింది. సభలో అందరి ఎదుటా దేవుడి వైపుకు మారిపోవాలి. ఈ సందులో ఎవరి కంటా పడకుండా శుక్రవారం నది దాటి టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండే తెలుగు చర్చి పాస్టరుగారింటికి వెళ్ళాడు. ఆయన ఓపికగా చెప్పాడు. దేవుడు చేపల్ని అయిదో రోజున చేశాడు, మనిషిని ఆరో రోజున చేశాడు.

"అంటే సేపలకీ మనకీ సుట్టరికం నేదు గదా అయ్యగారూ?"

"లేదు నాయనా. చేప చేపే, మనిషి మనిషే."

"సచ్చిపోతే మైల పట్టదు గదా?"

పాస్టరుగారికి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. "పట్టదు," అన్నాడు దయగా.

ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. కరెంటు పోయి, పెట్రోమాక్సు దీపాలు వెలిగించారు. పరిమల్ మాస్టారు అధ్యక్షుడు. ముందు దేవుడి తరపున దయారత్నాన్ని పిలిచారు. అతను లేచి, గొంతు సవరించుకుని, పాస్టరుగారి వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"అయ్యలారా, నాను వారం రోజులు బాగా ఆలోసించినాను. మనం సేపలోంచే వచ్చినాం."

ముందు వరసలో అతని భార్య దయమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. దయారత్నం కప్ప, బల్లి, కోతి వరసగా అప్పజెప్పి, కూర్చుంటూ బంగారయ్య చెవిలో అన్నాడు. "రోజుకి పన్నెండు బస్తాలు దింపుతన్నావు. నీ ఒక్కడి కొట్లోనే ఉండాలేటి బావా ఆ పటం?"

బంగారయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచాడు. చేప అయిదో రోజు, మనిషి ఆరో రోజు, ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, ఎంత తిన్నా దోషం లేదు అని చెప్పి కూర్చున్నాడు. పాస్టరుగారు కళ్ళు ఒత్తుకున్నాడు. మాస్టారు పక్కవాడి చేత అంతా బెంగాలీలో చెప్పించుకుని, ఎదుటివాడి వాదనను ఇంత గౌరవించిన సభను తన జన్మలో చూడలేదని మెచ్చుకున్నాడు.

తెల్లారేసరికి పటం వీధి దాటి దయారత్నం గంప మీదికి చేరింది. దానితో పాటు మైలా చేరింది. అప్పమ్మ సంచీ పట్టుకుని బంగారయ్య గడప ఎక్కింది. ఆమె వెనక సందంతా ఎక్కింది. బుధవారం మధ్యాహ్నానికి మూడు బస్తాలూ అడుగంటాయి. గురువారం వాన మొదలైంది.

బంగారయ్య మాత్రం చూరు కింద నిలబడి ఎదుటికే చూస్తున్నాడు. అక్కడ పరిమల్ మాస్టారు బెంచీ మీద కూర్చుని ఏదో వివరిస్తున్నాడు. చుట్టూ గొడుగుల గుంపు. మధ్యలో దయారత్నం మట్టికప్పులో చాయ్ తాగుతున్నాడు.

"నీ సరుకంతా పోనాది గదా," అంది తవిటమ్మ. "ఇంకా ఏటి ఆ సూపు?"

"ఎంతమంది వచ్చినారో సూడు."

"ఒక్కడైనా కొంటన్నాడేటి?"

"కొనడు. ఆ సంగతి నాకన్నా ఎవులికి తెలుసు."

వాన వెలిసేదాకా అతను ఆ తలకాయలు లెక్కపెట్టాడు: ఇరవై రెండు, తడవకుండా మధ్యలో దూరిన మేకతో కలిపి.