పేరు రాయని చందా

ఆ సోమవారం పొద్దున ఆరున్నరకి రికార్డు గుమాస్తా, ఆయన భార్య భోజనాల బల్లకి అటూ ఇటూ కూర్చుని జీతాన్ని కవర్లలోకి పంచుతున్నారు. ఇంటద్దెకి ఒక కవరు, సరుకులకి ఒకటి, కరెంటుకీ నీళ్ళకీ కలిపి ఒకటి, పైన "అనుకోని ఖర్చు" అని రాసిన బక్క కవరు ఇంకొకటి. మిగిలిందంతా బ్యాంకుకి. కిందటేడాది కొన్న పాత కారు తాలూకు అప్పు అది. ఆ కారు మూడు నెలలు వీళ్ళ గుమ్మం ముందు, తొమ్మిది నెలలు మెకానిక్కు షెడ్డులో కాపురం చేసి, ఆఖరికి తుక్కు సామాను కింద పోయింది. అప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మొత్తం లక్షా ఎనభై వేలు. బ్యాంకు చెప్పిన వాయిదాల ప్రకారం కడితే మూడేళ్ళు పడుతుంది. ఎనిమిది నెలల్లో తీర్చిపారేద్దామని మొగుడూ పెళ్ళాలు పంతం పట్టారు. ఆవిడ ఇంట్లో మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఆయన ఆఫీసు వదలగానే ఒక పెద్దాసుపత్రికి వెళ్ళి, ఆరు నుంచి తొమ్మిది దాకా బిల్లుల విభాగంలో లెక్కలు ఎక్కిస్తున్నాడు. మూడు నెలలు గడిచేసరికి బాకీ లక్షా పదివేలకు దిగింది.

ఇంత పంతం వడ్డీ మీద కోపంతో పట్టింది కాదు. ఆ అప్పుకి హామీ సంతకం పెట్టినవాడు ఆవిడ అన్నయ్య. రంగుల దుకాణం ఆయనది. మనిషి మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. కాకపోతే సంతకం పెట్టిన నాటి నుంచి, బంధువులు నలుగురు చేరిన చోటల్లా "మా బావగారి అప్పుకి హామీ నేనే" అని ముందు చెప్పి, ఆ తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకునేవాడు. విన్నప్పుడల్లా చెల్లెలికి చచ్చేంత సిగ్గేసేది.

"అన్నయ్య సంతకం ఆ కాగితం మీంచి లేచిపోవాలండీ. ఆ రోజు నేను తలెత్తుకుని వాళ్ళింటికి వెళ్తాను," అంది ఆవిడ, కవరు అంటిస్తూ.

"ఇంకో అయిదు నెలలేగా. ఇంకెక్కడన్నా తగ్గించుకోవచ్చేమో చూడు."

ఆవిడ ఇల్లంతా చూసింది. చివరికి చూపు ఆయన తల మీద ఆగింది.

"క్షవరానికి నెలనెలా తగలేస్తున్నాం కదా. నేను చెయ్యనా? కత్తెర ఇంట్లోనే ఉందాయె."

బట్టలు కత్తిరించే కత్తెర అది. బట్టయితే బల్ల మీద కదలకుండా పడుంటుంది, తల అలా పడుండదు. ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది. సరిచేద్దామని కుడివైపు తీస్తే అది ఇంకాస్త ఎక్కువైంది. అరగంట గడిచాక సరిచెయ్యడానికేమీ మిగలక, గడ్డం గీసుకునే బ్లేడుతో మొత్తం నున్నగా చేసేసింది.

"చల్లగా బానే ఉందిలే," అన్నాడు గుమాస్తా.

ఆయన అప్పటికే బస్సు మానేసి రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తూ ఎనిమిది కిలోలు తగ్గాడు. క్యాంటీనులో టీ తాగడం మానేశాడు. ఇప్పుడు గుండుతో వెళ్ళేసరికి ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదంటేనే విషయం ముదిరిందని అర్థం.

టపా విభాగంలో ఒకాయన ఉన్నాడు. ఆయన చెవిన పడ్డ మాట గంటలో మూడంతస్తులూ తిరుగుతుంది కాబట్టి అందరూ రేడియో అని పిలుస్తారు. ఆ సాయంత్రం మేనత్తని చూడ్డానికి రేడియో అదే ఆసుపత్రికి వెళ్ళాడు. గుమాస్తా లోపలి తలుపు తోసుకుని వెళ్ళడం, నర్సులు పలకరించడం కళ్ళారా చూశాడు. మర్నాడు రికార్డు గదిలో పట్టుకున్నాడు.

"నిన్న మిమ్మల్ని ఆసుపత్రిలో చూశాను సార్."

గుమాస్తా గబగబా గది తలుపు దగ్గరికేశాడు. అనుమతి లేకుండా బయట ఇంకో ఉద్యోగం చెయ్యడం ఆఫీసు నిబంధనలకి విరుద్ధం.

"మెల్లగా మాట్లాడవయ్యా బాబూ! ఎవరికీ చెప్పకు."

"రోజూ వెళ్తున్నారా?"

"రోజూ. మూడు గంటలు పడుతుంది."

"ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడకి తెలుసు. వాళ్ళన్నయ్యకి మాత్రం తెలీనివ్వలేదు. ఎంత, ఇంకో అయిదు నెలలు. ఆ తర్వాత నాకూ ప్రశాంతత, ఆవిడకీ ప్రశాంతత."

రేడియో కళ్ళు చెమర్చాయి. "ఎవరికీ చెప్పను సార్, ఒట్టు," అన్నాడు. మధ్యాహ్నం భోజనాల దాకా ఆ ఒట్టు మీద నిలబడ్డాడు కూడా.

ఆ ఆఫీసులో చందాలకి ఒక పద్ధతుంది. ఎప్పుడో ఒకాయనకి కష్టం వచ్చిందని ఆయన పేరు పెద్దక్షరాలతో రాసి చందా పోగుచేస్తే, ఆయన సిగ్గుపడి బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి కాగితం మీద పేరు రాయరు. "మన సహోద్యోగి ఒకరికి" అని రాసి ఊరుకుంటారు. ఇంకో ముఖ్యమైన షరతేమిటంటే, ఒక్క బల్ల కూడా దాటెయ్యకూడదు. దాటేస్తే ఆ బల్ల ఎవరిదో వాళ్ళకే కష్టమొచ్చిందని ఊరంతా కనిపెట్టేస్తుంది. అందువల్ల గురువారం నాడు క్యాషియరమ్మ, కాళ్ళు రాకపోయినా, ఆ కాగితం పట్టుకుని రికార్డు గదికి రాక తప్పలేదు.

"ఎవరికమ్మా?" అన్నాడు గుమాస్తా.

"చెప్పకూడదు కదండీ."

"జబ్బా?"

ఆవిడ నేల చూపులు చూస్తూ తలూపింది.

"పెద్దదేనా?"

"అయిదు నెలలంటున్నారు."

"అయ్యో, పాపం!" అన్నాడు. నిజంగానే మనసు కలుక్కుమంది. ప్రాణం మీదికొచ్చినవాళ్ళ ముందు తన కారు అప్పూ ఒక కష్టమేనా అనిపించింది. జేబులో పెట్టుకు తిరుగుతున్న అనుకోని ఖర్చు కవరు తీసి, అందులో ఉన్న అయిదు వందలూ ఇచ్చేశాడు. మేనేజరు తర్వాత అంత రాసినవాడు ఆయనొక్కడే. క్యాషియరమ్మ చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్ళబోయింది.

గుమాస్తా అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"ఆగమ్మా. చందా ఒక్కటే చాలదు. అయినవాళ్ళకి కబురు చెప్పారా?"

"చెప్పొద్దన్నారటండీ."

"వద్దంటే మానేస్తారా? మొహమాటం కొద్దీ అంటారు. రేపు ఏదన్నా జరిగితే ఆ ఇల్లాలి గతేంటి? అప్పులూ గట్రా కూడా ఉండే ఉంటాయి. ఎవరో ఒకరు వెళ్ళి పుట్టింటివాళ్ళకి చెప్పి తీరాలి. నా మాట విను."

ఆవిడ పరుగున వెళ్ళి రేడియోకి చెప్పింది. తన నోటితో అడగలేక ఇలా అడుగుతున్నాడని ఇద్దరికీ అర్థమైంది. ఆ సాయంత్రమే రంగుల దుకాణానికి వెళ్ళారు.

వాళ్ళు చెప్పింది విని అన్నయ్య అక్కడే ఒక రంగు డబ్బా మీద కూలబడిపోయాడు. దానికి మూత ఉందో లేదో కూడా చూసుకోలేదు. లేదు. మర్నాడు వేరే ప్యాంటు వేసుకుని, దుకాణం మీద గది కట్టుకుందామని దాచుకున్న డిపాజిట్టు విడిపించి, బ్యాంకుకి వెళ్ళి హామీదారు హోదాలో బావగారి అప్పు ఆఖరి పైసాతో సహా కట్టేశాడు. చెల్లెలికి మొగుడు దక్కకపోయినా, అప్పుల వాళ్ళ బాధన్నా లేకుండా ఉంటుందనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం గుమాస్తా ఈ నెల డబ్బు కడదామని బ్యాంకుకి వెళ్ళాడు.

"మీ అప్పు ఖాతా మూసేశారు సార్, నిన్ననే," అంది కౌంటరులో అమ్మాయి.

"ఎవరు?"

"మీ హామీదారు."

ఖర్చుకి వెనకాడకుండా ఆటో ఎక్కి ఇంటికొచ్చాడు. సోఫాలో అన్నయ్య చెల్లెలి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మెడలో కొలతల టేపుతో ఆవిడ ఏమీ అర్థంకాక అయోమయంగా చూస్తోంది. గుమాస్తా వెనకే, చందా డబ్బు ఉన్న కవరుతో క్యాషియరమ్మ, రేడియో, మేనేజరు కూడా గుమ్మమెక్కారు.

"ఏమండీ, మీకు జబ్బట కదా? నాకు చెప్పలేదేం?" అంది భార్య.

"నాకు జబ్బేంటే!"

"మరి రోజూ ఆసుపత్రి?" అన్నాడు అన్నయ్య.

"అక్కడ బిల్లులు రాస్తున్నాను బావగారూ. అప్పు త్వరగా తీర్చడానికి."

"మరి ఆ గుండు?"

"నేనే చేశానన్నయ్యా. డబ్బు ఆదా అవుతుందని."

అన్నయ్య కళ్ళు తుడుచుకుని బావగారిని ఎగాదిగా చూశాడు.

"అంటే మీరు బానే ఉన్నారన్నమాట," అన్నాడు. ఆ గొంతులో సంతోషం కన్నా ఫిర్యాదే ఎక్కువుంది.

"ఆరోగ్యం బాగున్నందుకు చాలా సంతోషమండీ," అన్నాడు మేనేజరు. "సోమవారం నుంచి ఆ రెండో ఉద్యోగం మానెయ్యండి. నేను చూడలేదనుకుంటాను."

ఇక చందా సంగతి. పద్ధతి ప్రకారం, అందుకున్నవారు సంతకం చేస్తేగాని డబ్బు వెనక్కి పంచడం కుదరదంది క్యాషియరమ్మ. గుమాస్తా కష్టం వచ్చినవాడిగా ఒక సంతకం చేసి మొత్తం పుచ్చుకున్నాడు. దాన్ని తిరిగిచ్చేసి, దాతగా ఇంకో సంతకం చేసి తన అయిదు వందలూ వెనక్కి తీసుకున్నాడు.

అందరూ వెళ్ళాక ముగ్గురే మిగిలారు. గుమాస్తా బ్యాంకులో కట్టకుండా తెచ్చిన డబ్బు తీసి అన్నయ్య చేతిలో పెట్టి, మిగతా దానికి నోటు రాసిస్తానన్నాడు.

"నోటేమిటండీ, పరాయివాళ్ళలాగా! వడ్డీ వద్దు, గడువొద్దు. నేనెలాగూ చెల్లెల్ని చూడ్డానికి వస్తూంటాను కదా, ఎంతుంటే అంత నా చేతిలో పెట్టండి," అన్నాడు అన్నయ్య.

చెల్లెలికి కోపం వచ్చినా బాగుండేది. రాలేదు. తన కోసం దాచుకున్నదంతా ఊడ్చిపెట్టిన అన్నయ్యని చూస్తే ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఆసుపత్రి జీతం తీసేసి లెక్క చూస్తే, అప్పు తీరడానికి రెండేళ్ళ పైచిలుకు పడుతుందని తేలింది.

"కాగితం మీద సంతకం పోయింది," అంది ఆవిడ నిట్టూర్చి, "మనిషే వచ్చేశాడు."

అన్న మాట ప్రకారం అన్నయ్య ప్రతి ఆదివారం భార్యనీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని పదింటికల్లా వచ్చి, భోజనం చేసి, కునుకు తీసి, లేచి కిటికీలకున్న తెరలు చూసి "కొత్తవాండీ?" అని అడిగి, చీకటి పడ్డాక వెళ్తున్నాడు.

బ్యాంకుకి ఆదివారం సెలవుండేది.