ఫిర్యాదు పెట్టె ఎత్తు సున్నా

మన జిల్లాలో ఇక ఎవరూ అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదని 2006లో మంత్రి గురునాథరావు గారు విశాఖ బీచ్ రోడ్డు సభలో ప్రకటించారు. "ఒక్క క్లిక్కు! మీ బాధ నా టేబులు మీదుంటాది" అన్నారు. అలా 'జనవిన్నపం' వెబ్‌సైటు పుట్టింది. విలేకరుల వరసలో కూర్చున్న నేను కూడా చప్పట్లు కొట్టాను.

నెల తిరిగేసరికి అద్భుతం జరిగింది. జిల్లా మొత్తం మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మన పరిపాలన ఇంత గొప్పగా ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

ఆ కీర్తిని పాడుచేయడానికే అన్నట్టు, కూర్మన్నపాలెం నుంచి ఆదిలక్ష్మమ్మ అనే ఆవిడ ఆ సైటు బాధ్యత చూసే జిల్లా కంప్యూటర్ విభాగం అధికారి గుణశేఖర్ గారి ఆఫీసుకు వచ్చింది. వాళ్ల వీధి కుళాయిలో మురుగు కలుస్తోందట. మనవరాలు కీర్తనకి పచ్చకామెర్లు.

"నెట్ సెంటర్‌కి ఎల్లాను బాబూ. అయ్యగారి బొమ్మ తప్ప అందులో ఏటీ నేదు. ఎక్కడ రాయాల?" అంది.

గుణశేఖర్ గారు స్వయంగా సైటు తెరిచారు. మంత్రిగారు నవ్వుతున్నారు. ఎంత కిందికి జరిపినా ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రాయడానికి పెట్టె మాత్రం లేదు.

సైటు తయారుచేసిన నిఖితని మధురవాడ కంపెనీ నుంచి పిలిపించారు.

"హైట్ ప్రాబ్లం సార్" అందా అమ్మాయి.

గుణశేఖర్ గారు గబగబా వెళ్లి తలుపు వేసొచ్చారు. మంత్రిగారు ఐదడుగులకి కాస్త తక్కువ. జిల్లాలో ఆ మాట ఎవరూ పైకి అనరు.

"ఎవరి హైటు?"

"పెట్టెది సార్. అది ఉంది, కనపడదంతే. పేజీలో అది ఇంకో పెట్టె లోపల ఉంటుంది. ఆ బయటి పెట్టె ఎత్తులో నూటికి నూరు శాతం ఉండమని దీనికి చెప్పాం. ఫొటో పెంచమని మీరు పదేపదే అడగడంతో బయటిదాని ఎత్తు తీసేశాం. ఏమీ లేనిదాంట్లో నూరు శాతం అంటే ఏముంటుంది?"

"ఎన్నాళ్ల పని?"

"ఒక్క లైను కోడు సార్. ఫొటో కొంచెం తగ్గించాలి."

ఫొటో తగ్గించే అధికారం ఎవరికుందో తేల్చడానికి ఉన్నతస్థాయి కమిటీ వేశారు. కమిటీలోని ఇంజనీరు టేపు తెచ్చి మానిటర్లన్నీ కొలిచారు. తప్పు సైటుది కాదని, ప్రజలే పెద్ద మానిటర్లు కొనుక్కోవాలని సిఫార్సు చేశారు. ఆ దూరదృష్టిని నేను పేపర్లో ప్రత్యేకంగా ప్రస్తావించాను.

ఈలోగా కీర్తనని ఆస్పత్రిలో చేర్చారని తెలిసి, నిఖిత ఎవరినీ అడక్కుండా ఆ లైను రాసేసింది. పెట్టె పైకి లేచింది. మొదటి ఫిర్యాదు ఆదిలక్ష్మమ్మది. సాయంత్రానికల్లా జిల్లా అంతా అందులోనే ఉంది.

మంత్రిగారు నిఖితని పిలిపించారు.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావ్? నిన్నటిదాకా సల్లగున్న జిల్లా! ఇయ్యాల కుళాయిలంతారు, రోడ్లంతారు. ఇన్ని సమస్యలు ఎక్కణ్ణించి తెచ్చావ్?"

"నేను తేలేదు సార్. అవి ముందు నుంచీ ఉన్నాయి. పెట్టెకి ఎత్తిచ్చానంతే."

"నాను సెప్పకుండా ఎత్తు ఎవులిమ్మన్నారు?"

నిఖిత ఉద్యోగం పోయింది. పెట్టె మళ్లీ సున్నాకి దిగింది. కీర్తన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి అదే కుళాయి నీళ్లు తాగింది. జిల్లాకి మాత్రం 'ఫిర్యాదుల్లేని జిల్లా' అవార్డు వచ్చింది.

ఈ విజయాన్ని అధ్యయనం చేయడానికి పొరుగు జిల్లాల అధికారులు ఏసీ బస్సులో దిగారు. వాళ్లకి చూపించడానికి గుణశేఖర్ గారు ఆదిలక్ష్మమ్మని కారు పంపి మరీ రప్పించి, పెద్ద తెర పక్కన నిలబెట్టారు. ఆవిడ చెబుతుంటే ఆపరేటరు టైపు చేశాడు. తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

"బాబూ, పిల్లకి మళ్లీ జొరం. నాను సెప్పిందేటీ ఇందులో కనపడ్డం నేదు!" అని ఆవిడ అరిచింది.

హాలంతా చప్పట్లు.

అధికారుల్లో పెద్దాయన గుణశేఖర్ గారి భుజం తట్టి, పక్కకి తీసుకెళ్లి, ఒక్క సందేహం మాత్రం అడిగారు.

"సిస్టం అద్భుతంగా ఉందండీ. కానీ ఆవిడ గొంతు ఇంకా వినపడుతోంది. దానికేం చేస్తున్నారు?"