సామంత పోషణ

గెలవడం ఎలాగో నేర్పేవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఓడిపోయినవాణ్ణి ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది మాత్రం మానవజాతి ఇంతవరకూ తేల్చుకోలేకపోయింది. మహామహా చక్రవర్తులే ఈ ప్రశ్న దగ్గర బోర్లాపడ్డారు. చివరికి దీన్ని తేల్చే భారం తూనికలు, కొలతల ఆఫీసులో కింది అంతస్తు సూపరింటెండెంటు మీద పడింది. (ఆయన ఆ భారం కోరుకోలేదు. ఆయన కోరుకున్నది పై అంతస్తులో ఒక గది.)

ఆ గది సంగతి ముందు చెప్పుకోవాలి. ఆయన టేబులు మెట్ల కింద ఉంటుంది. పైకెళ్ళే అధికారులందరూ ఆయన నెత్తిమీదుగానే వెళతారు. చెప్పుల చప్పుడును బట్టి ఎవరు వెళుతున్నారో, ఏ మూడ్‌లో వెళుతున్నారో చెప్పగలిగేంత అనుభవం ఆయనకు వచ్చేసింది. మెట్ల సందుల్లోంచి రాలే దుమ్ము టీలో పడకుండా కప్పు మీద ఒక ఫైలు మూతపెట్టుకుని తాగుతాడు. ఇన్నాళ్ళకు పైన ఉపనియంత్రణాధికారి రిటైరై గది ఖాళీ అయింది. దానికి కిటికీ ఉంది. వేస్తే పడే తలుపు ఉంది. దాని నెత్తిన నడిచేవాళ్ళు ఎవరూ లేరు, ఆ పైన ఆకాశమే. ఆ గది కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

సీనియారిటీ ప్రకారమైతే ఆ గది ఆయనదే. కానీ సరిగ్గా అప్పుడే 'నాయకత్వ మదింపు మండలి' అని ఒకటి వెలిసింది. సీనియారిటీ అన్నది వయసు మీద పడటం వల్ల దానంతటదే వచ్చేదని, అందులో ఉద్యోగి కృషి ఏమీ లేదని మండలి కనిపెట్టింది. ఇకమీదట నాయకత్వాన్ని శాస్త్రీయంగా కొలవాలని, కొలతల ఆఫీసే కొలవకపోతే ఇంకెవరు కొలుస్తారని సర్క్యులర్ పంపింది. కొలిచే సాధనం ఫోనులో ఆడే ఒక ఆట. పేరు 'మహాసామ్రాజ్యం'. ప్రతి ఉద్యోగికీ ఒక కోట, కొంత పొలం, కాస్త సైన్యం ఇస్తారు. ఆఫీసు వేళల్లోనే ఆడాలి. (ఆఫీసు వేళల్లో ఆడుకున్నందుకు ఇదివరకు మెమో ఇచ్చేవారు. ఇప్పుడు ఆడనందుకు ఇస్తారు.)

సూపరింటెండెంటు కింద ముగ్గురున్నారు. కాటా మెకానిక్‌కు త్రాసులు సరిచెయ్యడం వచ్చు, సర్టిఫికెట్ ఎలా రాయాలో తెలియదు. టైపిస్టమ్మకు సర్టిఫికెట్ కొట్టడం వచ్చు, అది ఏ త్రాసుకో తెలియదు. టపా గుమస్తాకు ప్రభుత్వ ముద్ర ఏ బీరువాలో ఉందో తెలుసు, తాళంచెవి మాత్రం సూపరింటెండెంటు జేబులో ఉంటుంది. అందుచేత ఆయనకు జలుబు చేస్తే ఆ రోజు ఒక్క తూకం రాయికీ ముద్ర పడదు. ఈ ఏర్పాటును ఆయన సమష్టి కృషి అంటాడు.

ఆట మొదలైన పూటే టపా గుమస్తా ఫోను పట్టుకుని మెట్ల కిందికి వచ్చాడు.

"సార్, మా సైన్యం బయల్దేరి ఎటో వెళ్ళిపోతోంది. వెనక్కి పిలవాలంటే ఎక్కడ నొక్కాలండీ?"

"నేను నీ శత్రువునయ్యా."

"అందుకేనండీ మిమ్మల్ని అడుగుతున్నాను. మీకైతే తెలిసుంటుంది."

సూపరింటెండెంటు జాలిపడి, ముందు వాడి ఖాళీ కోటను పట్టుకుని, ఆ తర్వాత వెనక్కి పిలిచే బటన్ చూపించాడు. అప్పటికి గుమస్తా సైన్యం సముద్రం దాకా వెళ్ళి, ఇంకా ముందుకు వెళ్ళమంటారా అని అడుగుతూ నిలబడి ఉంది. సూపరింటెండెంటు ఫోను తెర మీద రెండు బటన్లు వెలిశాయి. ఎర్రదాని మీద 'తుడిచిపెట్టు' అని ఉంది. పచ్చదాని మీద 'సామంతుడిగా ఉంచుకో' అని ఉంది. తేల్చుకోవడానికి ఒక రోజు గడువు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు విప్పి మళ్ళీ కుడుతోంది. ఆయన సమస్య వివరించాడు. ఆవిడ పళ్ళతో దారం తెంపి, "తుడిచెయ్యండి" అంది.

"పాపం కదే. అమాయకుడు."

"పాపమని కాదు. వాడు పోతే మీకు దణ్ణం పెట్టేవాడు ఒకడు తగ్గుతాడని మీ బాధ."

"రాజనీతి నీకు తెలీదులే. బలహీనుణ్ణి పక్కన పెట్టుకుంటే మనకు అడ్డుగోడలా ఉంటాడు. పైగా వాడివల్ల మనకేం ముప్పు?"

"మీ ఇష్టం. నేనైతే కుట్టు విప్పితే మొత్తం విప్పుతాను. సగం విప్పి వదిలేస్తే ఆ దారం నా చేతికే చుట్టుకుంటుంది."

ఆడవాళ్ళకు రాజ్యాలెందుకు అప్పగించరో ఆయనకు ఆ క్షణాన అర్థమైంది. (తర్వాత ఎప్పుడో అసలు కారణం కూడా అర్థమైంది గానీ, పైకి చెప్పలేదు.) ఆయన పచ్చ బటన్ నొక్కాడు. ఆ వారంలోనే మెకానిక్‌నూ టైపిస్టమ్మనూ ఓడించి వాళ్ళ విషయంలోనూ అదే నొక్కాడు.

అప్పుడు తెరుచుకుంది సామంత సంక్షేమ నియమావళి. సామంతుడు ఏటా కాస్త ధాన్యం పంపాలి. అంతే, వాడి బాధ్యత తీరిపోయింది. మిగతా పేజీలన్నీ చక్రవర్తి గురించే. సామంతుడి సరిహద్దుకు చక్రవర్తే కాపలా కాయాలి. కరువొస్తే చక్రవర్తే తిండి పెట్టాలి. సామంతుడు పెట్టుకున్న ప్రతి విన్నపానికీ మర్నాటిలోగా సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే చక్రవర్తి ప్రతిష్ఠ తగ్గుతుంది. 'రేపు రండి' అన్నది సమాధానం కిందికి రాదని ఒక ఉపనియమం ప్రత్యేకంగా చెబుతోంది. అది చదివినప్పుడు సూపరింటెండెంటు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

విన్నపాలు మొదలయ్యాయి. తన కోటలో ఎలుకలు పడ్డాయని, పిల్లిని పంపమని టపా గుమస్తా రాశాడు. పిల్లి చేరాక దానికి తోడు లేక దిగులుగా ఉందని మళ్ళీ రాశాడు. మధ్యాహ్నం ఎండ కళ్ళలో పడుతోంది కాబట్టి తన సరిహద్దును కొంచెం పక్కకు జరపాలని టైపిస్టమ్మ చక్కని దరఖాస్తు పెట్టి, నకళ్ళు మిగతా ఇద్దరు సామంతులకూ పంపింది. జరిపితే అది మెకానిక్ వాగులో పడింది. మెకానిక్ యుద్ధం ప్రకటించాడు. ఇద్దరూ సామంతులే కాబట్టి నియమం ప్రకారం ఇద్దరినీ చక్రవర్తే కాపాడాలి. ఆ యుద్ధంలో రెండువైపులా సూపరింటెండెంటు సైన్యమే పోరాడింది. ఆయనే గెలిచాడు. ఆయనే చిత్తుగా ఓడిపోయాడు. నష్టపరిహారం కూడా రెండు పక్షాలకూ ఆయనే ఇచ్చుకున్నాడు.

యుద్ధం జరుగుతున్నంతసేపూ టైపిస్టమ్మ, మెకానిక్ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగారు.

"మీరిద్దరూ కాస్త రాజీపడొచ్చు కదమ్మా" అని ఆయన బతిమాలాడు.

"మేమెందుకు పడాలి సార్? చచ్చేది మీ సైనికులే కదా" అంది టైపిస్టమ్మ, ఎంతో వినయంగా.

ఈ సంగతి మిగతా విభాగాలకు పాకింది. ఫలానా చక్రవర్తి దగ్గర సామంతుడిగా చేరితే దాడులుండవు, తిండికి లోటుండదు, అడిగితే పిల్లి కూడా వస్తుంది అని చెప్పుకున్నారు. దానితో పెట్రోలు బంకుల తనిఖీ విభాగం మొత్తం గంపగుత్తగా కాళ్ళబేరానికొచ్చింది. యుద్ధం లేకుండానే రాజులు ఫోన్లు పట్టుకుని ఆయన టేబులు ముందు లైను కట్టారు.

"పద్ధతి ప్రకారం ఒక్కసారి యుద్ధం చెయ్యండయ్యా. నేను ఓడించాక చేరుదురు గాని."

"ఎందుకండీ శ్రమ. ఎటూ ఓడిపోయేవాళ్ళమే. ఇక్కడ సంతకం పెట్టెయ్యండి."

ఆ లైనులో ఒక కూరగాయలవాడు త్రాసు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. వాడు వచ్చింది ముద్ర కోసం. రెండు రోజులు తిరిగి, ఇక్కడ సామంతులకే పనులవుతున్నాయని గమనించి, తననూ సామంతుడిగా రాసుకోమన్నాడు. నువ్వు ఈ ఆఫీసువాడివి కావు కదయ్యా అంటే, "కాకపోతేనేం, ఎన్నడూ తిరగబడను బాబూ" అన్నాడు. ఆయన రాసుకున్నాడు. నియమం నియమమే కాబట్టి మర్నాటిలోగా వాడి త్రాసుకు ముద్ర పడింది. ఆ ఆఫీసు చరిత్రలో అంత వేగంగా పనయిన మనిషి అంతకుముందు లేడు.

సూపరింటెండెంటుకు ఊపిరి సలపడం లేదు. ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా ఎవరి కోటకో ధాన్యం తోలుతున్నాడు. తలప్రాణం తోకకొచ్చింది. అయినా మనసులో పొంగిపోతూనే ఉన్నాడు, ఎందుకంటే మండలి పట్టికలో ఆయన పేరే అందరికన్నా పైన ఉంది. శత్రువన్నవాడు ఒక్కడూ లేని చక్రవర్తి ఆయనొక్కడే. ఒకరోజు భోజన విరామంలో మెల్లగా పైకెళ్ళి, ఖాళీ గదిలో కిటికీ ఎటుందో చూసుకుని, టేబులు ఎక్కడ వేయించుకోవాలో జానలతో కొలుచుకుని వచ్చాడు.

ఫలితం వెలువడింది. ఉపనియంత్రణాధికారిగా టపా గుమస్తా నియమితుడయ్యాడు.

సూపరింటెండెంటు ఆ కాగితం వెనక్కి తిప్పి కూడా చదివాడు. వెనక ఏమీ లేదు. మెట్లెక్కి మదింపు మండలి అధికారి గదికి వెళ్ళాడు. ఆ అధికారి లేచి కుర్చీ జరిపి, ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు.

"మొదటి స్థానం మీదేనండి. అందులో ఎవరికీ అనుమానం లేదు. మీ ఆట మేమందరం చూశాం."

"మరి గది..."

"ఈ వరసలో ఉన్న గదులన్నీ మా మండలివాళ్ళవేనండి. ఖాళీ అయినది నా పక్కది. గెలిచే అలవాటున్నవాణ్ణి ఎవరైనా పక్క గదిలో పెట్టుకుంటారా? మనలో మన మాట, మీరైతే పెట్టుకుంటారా?"

సూపరింటెండెంటు నిజాయితీగా ఆలోచించాడు. పెట్టుకోననే తేలింది. ఏడుపొచ్చింది గానీ, వాదనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నిర్ణయం తనకు అన్యాయమైనా రాజనీతి పరంగా చాలా బాగుందని ఒప్పుకుని కిందికి దిగాడు.

కింద కూర్చున్నాక అసలు భయం పట్టుకుంది. పైవాళ్ళు తనను గెలిచేవాడిగా గుర్తించారు. గుర్తించినవాళ్ళు ఊరుకుంటారా? ఊరికి దూరంగా, రైలు వేగన్లు తూచే చోట ఒక శాఖ ఉంది. అక్కడికి బదిలీ అయినవాళ్ళు పెళ్ళిళ్ళకు కూడా కనిపించరు. ఆ రాత్రి అన్నం సయించలేదు. భార్య పక్కన కూర్చుని, "గది పోతే పోయిందిలెండి, మీరు తినండి" అంది. గెలుపోటముల గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆయనకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

వారం తిరక్కుండానే పైనుంచి పిలుపొచ్చింది. కొత్త ఉపనియంత్రణాధికారి కిటికీ పక్కన కూర్చుని, కిటికీ ఎలా తెరవాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు. సూపరింటెండెంటు వెళ్ళి గడియ తీసిపెట్టాడు. గాలి వచ్చింది.

"కూర్చోండి సార్. మీ గురించి మొన్న మాలో మేం గట్టిగా చర్చించుకున్నామండీ. మిమ్మల్ని వేగన్ల శాఖకు పంపెయ్యాలా, ఇక్కడే ఉంచుకోవాలా అని."

సూపరింటెండెంటు కుర్చీ అంచుకు జరిగాడు. "ఏం తేల్చారు?"

"పంపెయ్యాలనే చాలామంది అన్నారండీ. మీ గెలుపు చూసి భయపడ్డారు. నేనొక్కణ్ణే, కాస్త ఆగండి, ఆయనతో మేమందరం ఎలా చాకిరీ చేయించుకున్నామో అది కూడా చూడండి అన్నాను. పిల్లి దగ్గర్నుంచి మొత్తం చూపించాను సార్. అందరూ శాంతించారు. మీవల్ల ప్రమాదమేమీ లేదని ఏకగ్రీవంగా రాసి సంతకాలు పెట్టారు."

సూపరింటెండెంటు లేచి, రెండు చేతులూ జోడించి, ఆ రాతకు ఒక నకలు ఇప్పించమని కోరాడు. ఇంట్లో చూపిస్తే సంతోషిస్తారని.